స్పాంజ్‌కి వృషణాలూ లేవు అండాశయాలూ లేవు, మరి పిల్లలెలా? (చెల్లి డౌట్, నాకు చెమటలు)

కేపీహెచ్‌బీ_అన్నయ్య

అందరికీ నమస్తే. నాది సాఫ్ట్‌వేర్, జువాలజీకీ నాకూ టెన్త్‌తోనే తెగిపోయింది. మా చెల్లి ఇంటర్ బైపీసీ ఫస్టియర్, వాళ్ల కాలేజీలో ఒక్కో ఫైలం (జంతువుల పెద్ద గుంపు) రెండ్రోజుల్లో లేపేస్తున్నారు, పొరిఫెరా (స్పాంజ్‌లు) అయిపోయింది నిడేరియా (హైడ్రా, జెల్లీఫిష్‌లు) కూడా అయిపోయింది, పిల్లకి మాత్రం బుర్రకి ఎక్కలేదు, నిన్న రాత్రి పదకొండింటికి నా ల్యాప్‌టాప్ మూసేసి మరీ కూర్చోబెట్టింది.

మెటీరియల్‌లో మొదటి లైన్లోనే స్పంజికలకి (అంటే స్పాంజ్‌లకి) అవయవాలు లేవు అని ఉంది. నాలుగు లైన్ల కింద లైంగిక ప్రత్యుత్పత్తి, అంతర ఫలదీకరణ అని ఉంది. అవయవాల్లేకుండా శుక్రకణం ఎక్కడ తయారైంది, రాయికి అతుక్కుని కదలకుండా కూర్చున్నది ఇంకోదాని లోపల ఉన్న అండం దాకా దాన్ని ఎలా చేర్చింది అని అడిగింది. నేను "నీళ్లలో కొట్టుకుపోతుందిలే" అన్నా. "అది తినేవి కూడా నీళ్లలో కొట్టుకొచ్చినవే కదా అన్నా, మరి శుక్రకణాన్ని తినేయదా?" అంది. మంచినీళ్ల వంకతో లేచి వంటింట్లోకి వెళ్లిపోయా.

ఇంకోటి. ఒబీలియా అని నిడేరియాలో ఒక జీవి, దానిలో మెటాజెనిసిస్ అట, ఫెర్న్ మొక్కలో లాగే తరాలు మారతాయని నోట్స్‌లో రాయించారట. ఫెర్న్‌లో ఒక తరం 2ఎన్ (క్రోమోజోములు రెండు సెట్లు), ఇంకో తరం ఎన్ (ఒక్క సెట్) అని చెల్లికి బాటనీలో చెప్పారు. అయితే ఒబీలియా మెడ్యూసా (విడిగా ఈదే గొడుగు రూపం) ఎన్ అవ్వాలి కదా, నోట్స్‌లో ఏదో తేడా ఉంది అంటోంది. అవునా కాదా?

అలాగే గిన్నెలు తోమే స్పాంజ్, మా నానమ్మ ఒళ్లు రుద్దుకునే బీరపీచు, ఇవి కూడా ఈ స్పాంజేనా? ఇది చెల్లిది కాదు, నా డౌటే 😅

బ్యాక్‌బెంచ్_బాలుడు

బీరపీచే స్పాంజ్ బ్రో, సముద్రంలోది కూడా ఎండబెడితే అదే అవుద్ది

రిటైర్డ్_జువాలజీ_మేడమ్

బాలుడూ, నాయనా, బీరకాయ పాదుకి కాస్తుంది. స్పంజిక జంతువు. ముదిరిన బీరకాయ ఎండితే మిగిలే పీచు మొక్కది. గిన్నెలు తోమేది ఫ్యాక్టరీలో చేసిన ప్లాస్టిక్ నురగ. పూర్వం స్నానానికి వాడిన అసలు స్పాంజ్ మాత్రం సముద్రపు జంతువు అస్థిపంజరం, స్పాంజిన్ అనే మెత్తటి ప్రోటీన్ పోగులు, కణాలన్నీ కుళ్లిపోయేదాకా ఉంచి కడిగేసి అమ్మేవాళ్లు. మిగతా చాలా స్పంజికల్లో ఈ పోగులతో పాటో వీటి బదులుగానో సున్నంతోనో సిలికాతోనో తయారైన కంటకాలు ఉంటాయి, వాటితో వీపు రుద్దుకుంటే తోలూడిపోతుంది.

ఇక అన్నయ్య గారూ, మీ చెల్లి "తినేయదా" అని అడిగిందే, ఆ పిల్లని జాగ్రత్తగా చూసుకోండి, ఇన్నేళ్లు డిగ్రీ క్లాసుల్లో చెప్పాను, ఆ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు ఇద్దరో ముగ్గురో.

స్పంజిక అంటే ముందు ఒక కుండని ఊహించుకోమనండి. గోడ నిండా సన్నటి చిల్లులు, అవి ఆస్టియా. పైన పెద్ద నోరు, ఆస్కులం. నీళ్లు చిల్లుల్లోంచి లోపలికి, పైనుంచి బయటికి. చాలామంది పిల్లలు పై నోట్లోంచి తింటుందని రాసి మార్కు పోగొట్టుకుంటారు, అది నోరు కాదు, పొగగొట్టం. ఈ నీళ్లని లాగేవి లోపలి వైపున్న కొయనోసైట్లు, ఒక్కో కణానికి చొక్కా కాలర్ లాంటి కంచె, దాని మధ్యలో కొరడా. కొరడా ఆడితే నీళ్లు కదులుతాయి, కాలర్‌లో తిండి చిక్కుతుంది. బయటి పొరకీ ఈ లోపలి పొరకీ మధ్య జిగురులాంటి మీసోహిల్, అందులో అమీబాలా పాకే కణాలు. వాటిలో ఆర్కియోసైట్లని కొన్ని ఉంటాయి, అవసరాన్ని బట్టి ఏ పనికైనా మారిపోతాయి.

అంటే ఇక్కడ అవయవం లేదు కానీ పని ఉంది, కణమే ఉద్యోగం మార్చుకుంటుంది. శుక్రకణాలు కావాల్సినప్పుడు కొయనోసైట్లే కాలర్ వదిలేసి శుక్రకణాలుగా మారతాయి. అండాలు ఆర్కియోసైట్ల నుంచో కొయనోసైట్ల నుంచో వస్తాయి. శుక్రకణాలు ఆస్కులం లోంచి బయటికి పోతాయి, ఒక్కోసారి పొగ వదిలినట్టే కనిపిస్తుంది. ఇంకో స్పంజిక పీల్చిన నీళ్లతో లోపలికొచ్చి దాని కొయనోసైట్‌కి చిక్కుతాయి. అది పట్టుకుంటుంది, మామూలు తిండిని పట్టుకున్నట్టే, కానీ అరిగించుకోదు! తన కాలరూ కొరడా వదిలేసుకుని, శుక్రకణాన్ని కడుపులో పెట్టుకుని మీసోహిల్‌లో పాక్కుంటూ వెళ్లి అండానికి అప్పజెప్తుంది. సైకాన్ లాంటి సున్నపు స్పంజికల్లో ఇది బాగా చూశారు. ఉభయలింగ జీవులే అయినా ఒకేదానిలో అండాలూ శుక్రకణాలూ మామూలుగా వేరువేరు సమయాల్లో పక్వమవుతాయి, అందుకని పరాయి శుక్రకణమే కావాలి. సైకాన్‌లో అయితే ఆంఫిబ్లాస్టులా అనే డింభకం (పిల్ల దశ) బయటికొచ్చి ఈది, కొరడాలున్న వైపు కింద పెట్టి రాయికి అతుక్కుంటుంది. వాళ్ల జీవితంలో తిరుగుడంతా ఆ కాసేపే.

కణాలు ఎంత స్వతంత్రమో తెలియాలంటే 1907లో విల్సన్ అనే శాస్త్రవేత్త చేసిన పని చెప్పండి, బతికున్న స్పంజికని సన్నటి పట్టుగుడ్డలోంచి పిండేశాడు, మన ఇళ్లల్లో చూర్ణం వస్త్రకాళితం పట్టినట్టు. విడిపోయిన కణాలు పాత్ర అడుగున పాక్కుంటూ ఒకదాన్నొకటి వెతుక్కుని మళ్లీ స్పంజికలు కట్టాయి.

కేపీహెచ్‌బీ_అన్నయ్య

మేడమ్ 🙏 చదివి వినిపించా, "అంటే స్విగ్గీ వాడు తినకుండా తెచ్చిచ్చినట్టు" అంది. జెమ్యూల్ అంటే కూడా ఇదేనా?

రిటైర్డ్_జువాలజీ_మేడమ్

కాదమ్మా, జెమ్యూల్ అలైంగికం, ఎక్కువగా మంచినీటి స్పంజికల్లో. చెరువు ఎండిపోయే ముందు తిండి నింపుకున్న ఆర్కియోసైట్లు ముద్దగా చేరతాయి, చుట్టూ గట్టి పెంకు, ఒక సన్నటి రంధ్రం. తల్లి చచ్చిపోతుంది, ఇవి బురదలో ఉంటాయి. వానలు పడ్డాక ఆ రంధ్రం లోంచి కణాలు బయటికొచ్చి కొత్తది కడతాయి. మన దేశపు చెరువుల్లో ఇవి మామూలే, 1911లోనే ఆనండేల్ అనే జంతు శాస్త్రవేత్త మంచినీటి స్పంజికలనీ హైడ్రాలనీ కలిపి ఒకే సంపుటంలో రాశాడు. నీళ్లలో నానిన కర్రల మీద ఆకుపచ్చగానో బూడిదరంగులోనో పొరలా కనిపిస్తే అందరూ నాచు అనుకుంటారు.

మలక్‌పేట_ఫిష్‌ట్యాంక్

స్పాంజ్ సంగతి నాకు తెల్వదు గానీ హైడ్రా గురించి నన్నడుగుండ్రి, దానితోని నాకు పగ ఉంది. పోయినేడు ట్యాంక్‌ల వేసుకుందామని కొత్త మొక్కలు తెచ్చిన, వారం తర్వాత అద్దం మీద తెల్ల దారం ముక్కల్లెక్క ఏందో అతుక్కుని ఉన్నయ్, ఏందిరా బై అని బ్లేడ్‌తోని గీకిన, పొతే పోయినయ్ అనుకున్న, ఇంకో వారానికి మస్తుగైనయ్. తర్వాత తెలిసింది, 1740లల్ల ట్రెంబ్లే అని ఒకాయన పనిగట్టుకుని హైడ్రాని ముక్కలు చేసి చూసిండట, ప్రతి ముక్కా మళ్ల హైడ్రానే అయిందట. నేను ఫ్రీగ చేసిన గా ప్రయోగం.

ఇగ చంపుడు బంద్ చేసి ఒక సీసాల వేసి భూతద్దం పెట్టి చూస్తున్న. కింద అతుక్కునే కాడ, పైన నోరు, చుట్టూ దారాల్లెక్క స్పర్శకాలు. డాఫ్నియా (నీళ్లల్ల ఉండే చిన్న పురుగు) వచ్చి ఒక్క దారానికి తాకితే చాలు, గిలగిల కొట్టుకుని ఆగిపోతది, మెల్లగ మడిచి నోట్లె పెట్టుకుంటది. అదే నోట్లెకెంచి పెంకు ఊంచేస్తది, వెనక దారి లేదు కద. తిండి బాగ పెడితే ఒంటి మీద బుడిపె లేస్తది, దానికి చిన్న చిన్న చేతులొస్తయ్, రెండు మూడు రోజులకు విడిపోతది. విడిపోయేదాంక తల్లి కడుపు పిల్ల కడుపు ఒకటే గొట్టం, తల్లి తింటే పిల్లకు పోతది. డిసెంబర్ల చలికి ఒకసారి ఒంటి మీద మొటిమల్లెక్క కనిపించినయ్, గవి వృషణాలంట, చేతుల దిక్కు ఉంటయ్, అండాశయం అయితే అడుగు దిక్కు. సీజన్ అయిపోతే మాయం.

ఎమ్మెస్సీ_అక్క

ఆ డాఫ్నియాకి తగిలింది నిమటోసిస్ట్. దంశకణం (కుట్టే కణం) లోపల చుట్టిపెట్టిన దారం, ముల్లు తగిలితే మూత ఎగిరి బయటికొస్తుంది, హైడ్రాలో దాన్ని కొలిస్తే దాదాపు 700 నానోసెకన్లు వచ్చింది, అంటే సెకనులో పదిలక్షవ వంతు కూడా కాదు. ఒకసారి పేలిన కణం మళ్లీ పనికిరాదు. ఇందుకే బీచ్‌లో జెల్లీఫిష్ కుడితే మంచినీళ్లు పొయ్యకూడదంటారు, మిగిలినవి కూడా పేలతాయి, సముద్రపు నీళ్లతోనే కడగాలి.

అన్నయ్య రెండో డౌట్‌కి వస్తే, చెల్లి అనుమానం కరెక్ట్, ఫెర్న్‌లో లాగే అన్న నోట్సే తప్పు, మెడ్యూసా ఎన్ కాదు. ఒబీలియా కాలనీలో తినే పాలిప్‌లు (అతుక్కుని ఉండే గొట్టం లాంటి రూపాలు) వేరు, నోరే లేని బ్లాస్టోస్టైల్స్ వేరు, వాటికి తిండి కాలనీ అంతా ఉన్న ఉమ్మడి గొట్టం లోంచి వస్తుంది. ఆ బ్లాస్టోస్టైల్ మీద మెడ్యూసాలు మొగ్గల్లా పుట్టి విడిపోతాయి. మొగ్గ అంటే క్షయకరణ విభజన (క్రోమోజోములు సగమయ్యే విభజన) ఎక్కడా జరగలేదు కదా, కాబట్టి పాలిప్ 2ఎన్, మెడ్యూసా కూడా 2ఎన్. మెడ్యూసా బీజకోశాల్లో తయారయ్యే అండం, శుక్రకణం మాత్రమే ఎన్. ఫెర్న్‌లో ఎన్ అనేది ఒక పూర్తి మొక్క, ఇక్కడ ఎన్ అనేది ఒక్క కణం. అందుకే దీన్ని తరాల మార్పు అనకుండా మెటాజెనిసిస్ అని వేరే పేరు పెట్టారు. ఫలదీకరణ అయ్యాక ప్లానులా అనే డింభకం, అది ఈది ఈది అతుక్కుని మళ్లీ కాలనీ. హైడ్రాకి మెడ్యూసానే లేదు, ఈదే ప్లానులా కూడా లేదు, పరీక్షలో తిప్పి అడిగేది ఇదే.

ఆరీలియా అనే జెల్లీఫిష్ జీవితచక్రం బొమ్మ గుర్తుండకపోతే ఒక చిట్కా. ప్లానులా అతుక్కుని పాలిప్ అయ్యాక అడ్డంగా గాట్లు పడి స్ట్రోబిలా అవుతుంది, అచ్చం ఇరానీ హోటల్ కౌంటర్ మీద పేర్చిన సాసర్లు. పైనుంచి ఒక్కో సాసర్ విడిపోయి ఈదుకుంటూ పోతుంది, అదే ఎఫైరా, పెద్దయితే జెల్లీఫిష్. మా ల్యాబ్‌లో స్ట్రోబిలా స్లైడ్ ఒక్కటే ఉండేది, ముప్పై మందిమి లైన్లో నిలబడి చూసేవాళ్లం, నా వంతు వచ్చేసరికి ఎవరో ఫోకస్ తిప్పి అద్దం పగలగొట్టారు.

కేపీహెచ్‌బీ_అన్నయ్య

అక్కా, 2ఎన్ సంగతి వినగానే "నోట్స్‌లో తేడా ఉందని నేను చెప్పలా" అని డ్యాన్స్ చేసింది. రేపు క్లాసులో లెక్చరర్‌కి చెప్తానంటోంది, మెల్లగా చెప్పమన్నా. మలక్‌పేట బ్రో, స్పేర్‌లో రెండు హైడ్రాలు దొరుకుతాయా? భూతద్దంలో చూస్తుందట.

మలక్‌పేట_ఫిష్‌ట్యాంక్

రెండేంది బ్రో, ఇరవై తీస్కపో. మూత గట్టిగున్న సీస తెచ్చుకో, నల్లా నీళ్లు మాత్రం పొయ్యకు క్లోరిన్‌కు చస్తయ్, ట్యాంక్ నీళ్లు నేనే ఇస్త.

కేపీహెచ్‌బీ_అన్నయ్య

ఆదివారం వస్తా బ్రో, మెట్రో డైరెక్టే కదా. సీసా కదలకుండా పట్టుకునే బాధ్యత చెల్లిదే.