ఎండెన్ 1/350: పాత పెయింట్ తీసి హల్ సరిచేయడం ఎలా?

నెల్లూరు_మోడల్స్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్కారం. మా బాబాయి మద్రాసులో ఉన్నప్పుడు సగం కట్టి వదిలేసిన జర్మన్ యుద్ధనౌక ఎస్.ఎం.ఎస్. ఎండెన్ ప్లాస్టిక్ మోడల్ కిట్ ఇప్పుడు నా దగ్గరకి వచ్చింది. 1/350 స్కేలు, హల్ (ఓడ బాడీ) పొడవు 34 సెంటీమీటర్లకి కాస్త తక్కువ. మా ఇంట్లో ఈ ఓడ పేరు తెలియనివాళ్లు లేరు. 1914 సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు మీద ఈ ఓడ గుండ్లు పడినప్పుడు మా ముత్తాతవాళ్లు జార్జిటౌన్‌లో ఉండేవారు. ఆ తర్వాత ఊరు ఖాళీ చేసినవాళ్లలో వాళ్లూ ఉన్నారు, పిల్లల్ని తీసుకుని నెల్లూరు వచ్చేశారట. అందుకే ఈ మోడల్‌ని ఆ రాత్రి ఓడ ఎలా ఉందో అలాగే చూపించాలని నా కోరిక.

పరిస్థితి ఇదీ. హల్ ఎడమ, కుడి సగాల్ని ట్యూబ్ జిగురుతో అతికించేసి ఉంది. కీల్ (అడుగున మధ్యలో వెళ్లే వెన్నుపట్టీ) పొడవునా ఒక సగం రెండోదానికంటే ఎత్తుగా ఉంది, గోటితో గీస్తే తగులుతుంది. ముక్కు దగ్గర సందు, లైటుకి ఎదురుగా పెడితే వెలుతురు వస్తోంది. పైన తెలుపు, కింద ఎరుపు ఎనామిల్, బ్రష్‌తో దట్టంగా వేసి ఉంది. పోర్ట్‌హోల్స్ (గుండ్రటి కిటికీ కన్నాలు) సగం పూడిపోయాయి. డెక్ ఇంకా అతికించలేదు. నడిమి భాగంలో హల్ గోడలు కొంచెం లోపలికి వంగాయి.

నా దగ్గర ఎయిర్‌బ్రష్ లేదు. స్ప్రే డబ్బాలు, బ్రష్‌లు ఉన్నాయి. హార్డ్‌వేర్ షాపులో అడిగితే థిన్నర్‌తో తుడిచేయమన్నారు. తుడవొచ్చా? పుట్టీ ఏది వాడాలి? రంగు తెలుపా, బూడిదా?

———

విశాఖ_డ్రైడాక్:

తమ్ముడూ, థిన్నర్ మూత కూడా తీయకు. అది పెయింట్‌తో పాటు ప్లాస్టిక్‌నీ కరిగిస్తుంది. నెయిల్ పాలిష్ రిమూవర్ కూడా అంతే, రెండింట్లోనూ ఉన్నది పాలిస్టైరీన్‌ని, అంటే ఈ కిట్ ప్లాస్టిక్‌ని, తినేసే ద్రావకాలే.

నేను విశాఖలో ఓడల అడుగుభాగం పెయింటింగ్ పనిలోనే రిటైరైనవాణ్ణి. డ్రైడాక్‌లోకి, అంటే నీళ్లు తోడేసి ఓడని మరమ్మతు చేసే చోటికి, ఓడ వస్తే మేం రంగు డబ్బా తెరిచేది చివర్న. అంతకుముందు పీచు, గవ్వలు గీకడం, బ్లాస్టింగ్, వెల్డింగ్ అతుకులు చూసుకోవడం, ప్రైమర్. నీ మోడల్‌కీ ఇదే వరస. పెయింట్ పైపైన లోపం దాచేస్తుందని చాలామంది అనుకుంటారు. నిజానికి నున్నటి రంగు పడ్డాకే చిన్న గీత కూడా ఎత్తి చూపిస్తుంది.

పాత ఎనామిల్‌కి డెట్టాల్ పట్టుకో. మందుల షాపులో దొరికే మామూలు డెట్టాలే, నీళ్లు కలపకుండా. హల్ పట్టే ప్లాస్టిక్ ట్రేలో పోసి ముంచి, మూతపెట్టి రాత్రంతా వదిలెయ్. గ్లౌజులు వేసుకుని పాత టూత్ బ్రష్‌తో రుద్దు. ఒక్క సంగతి బాగా గుర్తుపెట్టుకో: రుద్దేటప్పుడు నీళ్లు తగలకూడదు. తగిలిందా, ఊడిన పెయింట్ బంకలా మారి సందుల్లో పట్టేస్తుంది. బ్రష్‌ని కూడా డెట్టాల్‌లోనే కడుగుతూ రుద్ది, పెయింట్ మొత్తం పోయాక గిన్నెల సబ్బుతో కడిగెయ్. మొండికేసిన చోట ఇంకో రాత్రి నానబెట్టు. కత్తితో గీకితే ప్లేట్ల అతుకుల గీతలు పోతాయి, అవి పోతే మళ్లీ తేవడం చాలా కష్టం.

తర్వాత వంపు. డెక్ అతికించలేదంటే నీ పని తేలికే. బాగా వేడిగా ఉన్న నీళ్లు, మరిగేవి కాదు, అందులో హల్ నడిమి భాగం కాసేపు ఉంచి, చేత్తో మెల్లగా బయటికి తెరిచి, చల్లనీళ్లలో అలాగే పట్టుకో. మరిగే నీళ్లలో వేస్తే ప్లాస్టిక్ మొత్తం మెలితిరుగుతుంది. తర్వాత లోపల అడ్డగోడలు పెట్టు. ఐస్‌క్రీం పుల్లలు డెక్ వెడల్పుకి సరిగ్గా కోసి, ఎం-సీల్‌తో బిగించు. మాటిమాటికీ డెక్ పెట్టి కొలత చూసుకో. అసలు ఓడలోనూ ఆకారం నిలిపేది ఈ అడ్డగోడలే.

ఎం-సీల్ లోపలి వైపుకే. బయట వేస్తే ప్లాస్టిక్ కంటే గట్టిగా నిలబడి, చుట్టూ ప్లాస్టిక్ అరిగిపోతుంది, అది మాత్రం దిమ్మలా మిగులుతుంది. ముక్కు దగ్గర సందుకి లోపలి నుంచి ప్లాస్టిక్ ముక్క అతికించి, బయట ఫెవిక్విక్‌లో టాల్కమ్ పౌడర్ కలిపి నింపు. అది గట్టిపడిన గంటలోపే సాండింగ్ మొదలుపెట్టు. మర్నాటికి వదిలేస్తే రాయి. ఎండెన్ ముక్కు నీటి కింద ముందుకి పొడుచుకొచ్చి ఉంటుంది కదా, ఆ వంపు పోకుండా సాండింగ్ కాగితాన్ని పుల్లకి చుట్టి అరగదియ్.

కీల్ మెట్టుకి కారు పెయింటర్లు వాడే ఎన్.సి. పుట్టీ చాలు, కానీ పల్చగా. మందంగా వేస్తే అందులోని ద్రావకం ప్లాస్టిక్‌ని మెత్తబరుస్తుంది, ఆరాక కుంగుతుంది కూడా. వాటర్ పేపర్ 400తో మొదలుపెట్టి 600, 1000 దాకా నీళ్లతో వెళ్లు.

———

హైద్_స్ప్రూ:

డ్రైడాక్ గారు చెప్పినవన్నీ సరే, పెయింట్ తీయడానికి బ్రేక్ ఆయిల్ ఇంకా తొందరగా పనిచేస్తుంది. నేను చాలా కిట్లకి వాడాను.

పోర్ట్‌హోల్స్ విషయానికి వస్తే, పూడినవాటిని సూదితో పొడవకండి, అంచులు చెదిరిపోతాయి. ఎలక్ట్రానిక్స్ షాపుల్లో సర్క్యూట్ బోర్డులకి వాడే సన్నటి డ్రిల్ బిట్లు అమ్ముతారు. కోఠిలో నాకు 0.6 నుంచి 1 మిల్లీమీటరు దాకా తేలిగ్గా దొరుకుతాయి, నెల్లూరులోనూ రేడియో రిపేర్ సామాన్ల షాపుల్లో అడిగి చూడండి. అసలు ఓడ మీద 28 సెంటీమీటర్ల కిటికీ ఈ స్కేల్లో 0.8 అవుతుంది. చేతి డ్రిల్‌లో బిగించి వేళ్లతోనే తిప్పండి. మోటారు పెడితే వేడికి ప్లాస్టిక్ కరిగి బిట్‌కి చుట్టుకుంటుంది. వరుస వంకర పోకుండా ముందు మాస్కింగ్ టేప్ తిన్నగా అతికించి, దాని అంచునే కన్నాలు పెట్టండి.

———

విశాఖ_డ్రైడాక్:

బ్రేక్ ఆయిల్ పనిచేస్తుందని నాకూ తెలుసు. కానీ అది చర్మానికి మంచిది కాదు, పాత ప్లాస్టిక్‌ని ఒక్కోసారి పెళుసుబారుస్తుంది. బాబాయి ముట్టుకున్న కిట్ అది, ఇంకోటి కొంటే సరిపోయేది కాదు. ఒక రాత్రి ఆలస్యమైనా డెట్టాలే నయం.

———

చెన్నపట్నం_చరిత్ర:

రంగు సంగతి నేను చెప్తాను. మీ బాబాయి గారు వేసిన తెలుపు తప్పు కాదు, అది శాంతికాలపు ఎండెన్. చైనా తీరంలో చింగ్‌తావ్ కేంద్రంగా ఉన్న జర్మన్ ఈస్ట్ ఏషియా స్క్వాడ్రన్ ఓడలకి తెల్లటి హల్, పసుపు పొగగొట్టాలు ఉండేవి. యుద్ధం వచ్చేసరికి బూడిద రంగు పూశారు. మద్రాసు ముందుకి వచ్చింది ఆ బూడిద రంగు ఎండెనే. కాబట్టి నీటి పైభాగం మొత్తం బూడిద.

నలుపు తెలుపు ఫొటోల నుంచి ఆ బూడిద కచ్చితంగా ఎంత ముదురో చెప్పలేం. నేనైతే టామియా ఎక్స్‌ఎఫ్-19 స్కై గ్రేలో కొంచెం తెలుపు కలుపుతాను. ఇంత చిన్న మోడల్ మీద డబ్బాలోని రంగు ఉన్నదున్నట్టు వేస్తే బరువుగా కనిపిస్తుంది. నీటి కింద ఎక్స్‌ఎఫ్-9 హల్ రెడ్.

ఇంకో రెండు మాటలు. ఎండెన్‌కి పొగగొట్టాలు మూడే. నాలుగోది గుడ్డతో, చెక్కలతో కట్టిన దొంగ గొట్టం, బ్రిటిష్ క్రూజర్ యార్మత్‌లా కనిపించడానికి. అక్టోబరు 28న పెనాంగ్ మీదకి దానితోనే వెళ్లింది. మీరు అసలైన మూడుతోనే ఉంచండి. రెండోది, ముక్కు మీద ఐరన్ క్రాస్ (జర్మన్ సైనిక పతకం) గుర్తు పెట్టకండి. ఈ ఓడ 1914 నవంబరు 9న కోకోస్ దీవుల దగ్గర ఆస్ట్రేలియా క్రూజర్ సిడ్నీ చేతిలో పోయాక, అదే పేరుతో వచ్చిన తర్వాతి ఓడలు ఆ గుర్తు పెట్టుకున్నాయి.

వీలైతే చెన్నై వచ్చినప్పుడు హైకోర్టు ప్రహరీ దగ్గర ఎండెన్ గుండు పడిన చోట పెట్టిన ఫలకం చూడండి. ఆ రాత్రి రేవు పక్కన బర్మా ఆయిల్ కంపెనీ ట్యాంకులు తగలబడుతుంటే ఊరంతా కనిపించిందంటారు. మీ ముత్తాతవాళ్లూ ఆ మంట చూసే ఉంటారు.

———

నెల్లూరు_మోడల్స్:

అందరికీ ధన్యవాదాలు. డెట్టాల్‌తో పెయింట్ పూర్తిగా ఊడింది, ఇల్లంతా ఆసుపత్రి వాసన. వంపు సరిచేశాను, అడ్డగోడలు పెట్టాను. కీల్ సాండింగ్ అయ్యాక చేతికి ఏమీ తగల్లేదు. కానీ గ్రే ప్రైమర్ కొట్టగానే కీల్ మీద అతుకు సన్నటి గీతలా మళ్లీ కనిపిస్తోంది. ఇప్పుడు టెన్షన్‌గా ఉంది, మళ్లీ మొదటినుంచి చేయాలా?

———

విశాఖ_డ్రైడాక్:

టెన్షన్ పడకు, ప్రైమర్ దాని పని అది చేసింది. పుట్టీ ఇంకా లోపల ఆరుతోంది, ఆరుతూ కుంగింది. అంతే. కొన్ని రోజులు దాన్ని ముట్టుకోకుండా పక్కన పెట్టు. తర్వాత ఆ గీత వెంట సూదిమొనతో ఫెవిక్విక్ సన్నగా పారించి, వెంటనే 600తో తీసెయ్. అది కుంగదు. మళ్లీ ఆ చోట మాత్రం ప్రైమర్ కొట్టి, టార్చ్ లైటు పక్కనుంచి వేసి చూడు. వానపడే రోజు స్ప్రే చేయకు, గాల్లో తేమ ఎక్కువుంటే పెయింట్ పాలలా తెల్లబడుతుంది. కొత్త డబ్బా ఏదైనా సరే, ముందు స్ప్రూ (కిట్ భాగాలు అంటుకుని వచ్చే ప్లాస్టిక్ చట్రం) ముక్క మీద కొట్టి ప్లాస్టిక్‌ని తినడం లేదని చూసుకున్నాకే హల్ మీదకి వెళ్లు.

రంగుల వరస ఇలా పెట్టుకో. ముందు కింద ఎరుపు, నీటిగీతకి కాస్త పైదాకా. బాగా ఆరాక హల్‌ని అద్దం పలక మీద నిటారుగా నిలబెట్టి, ఒక చెక్కముక్కకి పెన్సిల్ కట్టి, ఆ ఎత్తులోనే చుట్టూ తిప్పి గీత గియ్యి. వంపు ఉన్న చోట కంటిని నమ్మకు, పెన్సిల్‌ని నమ్ము. గీత మీద 2 మిల్లీమీటర్ల టేపు, దాని కింద వెడల్పు టేపు. ఇప్పుడు టేపు అంచు మీద మళ్లీ పల్చగా ఎరుపే కొట్టు. సందుల్లోకి పాకితే ఎరుపే పాకుతుంది, ఆ మీద వేసే బూడిద కిందికి దిగదు. బూడిద పల్చటి పొరలుగా వేసి, పూర్తిగా ఆరకముందే టేపుని వెనక్కి మడిచి లాగు.

మురికి సంగతి కూడా ఆలోచించు. మద్రాసు చేరేనాటికి ఎండెన్ చింగ్‌తావ్ వదిలి ఏడు వారాలు దాటింది, డాక్‌లోకి వెళ్లే వీల్లేదు. వెంట ఉన్న బొగ్గు ఓడ మార్కోమానియా నుంచి బొగ్గు ఎక్కించుకుంటూ తిరిగింది. ఒక ఓడ ఇంకో ఓడ పక్కన చేరి బొగ్గు ఎక్కిస్తే పెయింట్ ఎలా గీసుకుపోతుందో, మసి ఎలా పట్టుకుంటుందో నేను చూశాను. నడిమి భాగంలో పక్కల మీద బాగా పల్చటి నలుపు, లంగరు గొలుసు కన్నం కింద తుప్పు చార. నీటిగీత దగ్గర ఆకుపచ్చ నాచు మరీ లేతగా. ఎక్కడా కొట్టొచ్చినట్టు వద్దు, 350 రెట్లు చిన్నది కదా.

———

నెల్లూరు_మోడల్స్:

అలాగే డ్రైడాక్ గారూ. గీత మీద ఫెవిక్విక్ ఈ ఆదివారం. నీటిగీత గీసేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టులు రెండూ అతికించి ఉండాలా, తర్వాత పెట్టుకోవచ్చా?

———

విశాఖ_డ్రైడాక్:

షాఫ్టులు, చుక్కాని తర్వాత. ఇప్పుడే పెడితే సాండింగ్‌లో విరుగుతాయి. వాటి కన్నాల్లో మాత్రం ఎరుపు పడకుండా చిన్న టేపు ముక్కలు పెట్టు, జిగురు పెయింట్ మీద పట్టదు.