ఆండ్రాయిడ్ వెబ్‌వ్యూలో (యాప్ లోపల వెబ్ పేజీ చూపించే భాగం) మ్యాప్ టైల్స్‌కి (మ్యాప్‌ని ముక్కలుగా చూపే చిత్రాలు) రిఫరర్ వెళ్లడం లేదు, 403 (అనుమతి లేదు) వస్తోంది

మ్యాప్ సర్వీస్ ఏపీఐ కీని (సర్వీస్ వాడుకోవడానికి ఇచ్చే కోడ్) మా డొమైన్ రిఫరర్‌కి (రిక్వెస్ట్ ఏ పేజీ నుంచి వచ్చిందో చెప్పే హెడర్) మాత్రమే పనిచేసేలా లాక్ చేశాం. వెబ్‌సైట్‌లో అంతా బాగుంది. అదే పేజీని యాప్‌లో అసెట్స్ ఫోల్డర్ నుంచి లోడ్ చేస్తే మాత్రం బూడిద రంగు గడులే కనిపిస్తున్నాయి. రిమోట్ ఇన్‌స్పెక్ట్‌లో చూస్తే టైల్ రిక్వెస్టుల్లో రిఫరర్ హెడరే లేదు. ఫైల్ అడ్రస్ నుంచి వచ్చే పేజీ కాబట్టి మెటా ట్యాగ్‌లో రిఫరర్ పాలసీ మార్చినా ఫలితం లేదు.

లోడ్‌యూఆర్ఎల్‌కి హెడర్ జోడిస్తే మొదటి పేజీకే వెళ్తోంది, టైల్స్‌కి కాదు. లోడ్‌డేటావిత్‌బేస్‌యూఆర్ఎల్‌లో మా హెచ్‌టీటీపీఎస్ అడ్రస్ ఇస్తే రిఫరర్ సరిగ్గా వెళ్తోంది కానీ, అసెట్స్‌లోని జావాస్క్రిప్ట్ ఫైళ్లు లోడ్ కావడం లేదు. రిక్వెస్టుల్ని మధ్యలో పట్టుకునే షుడ్‌ఇంటర్‌సెప్ట్‌రిక్వెస్ట్‌లో టైల్స్ నేనే తెచ్చి ఇస్తే మ్యాప్ వస్తోంది గానీ, వేలితో జరుపుతుంటే బాగా ఆగి ఆగి కదులుతోంది. యూజర్లకి అలా ఇవ్వడం నాకిష్టం లేదు.

చివరికి వెబ్‌వ్యూఅసెట్‌లోడర్ (అసెట్స్ ఫైళ్లని హెచ్‌టీటీపీఎస్ అడ్రస్‌తో అందించే ఆండ్రాయిడ్ క్లాస్) పెట్టాను. ఫైళ్లన్నీ లోడవుతున్నాయి, రిఫరర్ కూడా వెళ్తోంది. కాకపోతే అది యాప్‌అసెట్స్.ఆండ్రాయిడ్‌ప్లాట్‌ఫామ్.నెట్ అని వెళ్తోంది. ఆ డొమైన్ ఏ యాప్ అయినా వాడుకోగలదు, దాన్ని అనుమతిస్తే కీకి లాక్ వేసి ప్రయోజనమే ఉండదు.

సెట్‌డొమైన్‌తో మా అసలు డొమైన్ ఇచ్చి, అసెట్స్ పాత్‌ని మాత్రమే లోడర్‌కి అప్పగిస్తే, అదే డొమైన్‌లో ఉన్న మా లాగిన్ ఏపీఐ కాల్స్‌కి, కుకీలకి ఇబ్బంది వస్తుందా? ప్రొడక్షన్‌లో ఇలా నడిపినవాళ్లు ఎవరైనా చెప్పగలరా?