పుట్టి అంటే ఎంత? మాటకు అర్థం ఎవరు చెప్పాలి?

పెన్నా_ఒడ్డు (చర్చ మొదలుపెట్టింది నేనే)

నిన్న సాయంత్రం ఆత్మకూరు బస్టాండు దగ్గర టీ తాగుతుంటే పక్క బల్ల మీద ఇద్దరు పెద్దవాళ్ళు వాదించుకుంటున్నారు. ఒకాయన "పుట్టి అంటే 850 కిలోలయ్యా, మా నాయన కాలం నుంచీ అంతే" అంటాడు. రెండో ఆయన నవ్వేసి "అది మీ నాయన పుట్టి. ఇప్పుడు కాటా మీద 890 పెడితేనే పుట్టి" అంటాడు. బయటి జిల్లాలవాళ్ళకు తెలియకపోవచ్చు, మా నెల్లూరులో వడ్ల రేటు పుట్టికింత అని చెప్తారు, పుట్టి అంటే 850 కిలోలని లెక్క.

నేను దూరవిద్యలో ఫిలాసఫీ ఎమ్మే చదువుతున్నా. వాళ్ళ మాటలు వింటుంటే నా పరీక్ష పేపరే ఆ బల్ల మీద ఉన్నట్టనిపించింది. మాట ఒక వస్తువును చూపిస్తుంది, ఆ వస్తువే అర్థం అనుకుంటాం గదా. 1892లో ఫ్రేగె అనే జర్మన్ లెక్కల ప్రొఫెసరు దీన్ని కదిలించాడు. తెల్లవారుజామున కనబడే వేగుచుక్క, పొద్దుగూకినాక పడమట కనబడే చుక్క రెండూ శుక్రుడే. అయినా "వేగుచుక్క వేగుచుక్కే" అంటే ఎవరికీ కొత్తగా ఏమీ తెలియదు, "ఆ చుక్కా ఈ చుక్కా ఒకటే" అంటే తెలుస్తుంది. కాబట్టి మాట చూపించే వస్తువు వేరు, చూపించే తీరు వేరు అన్నాడు. తర్వాత వియన్నాలో పుట్టిన విట్గెన్‌స్టైన్ అనే ఫిలాసఫరు, ఆయన పోయాక 1953లో అచ్చయిన పుస్తకంలో, చాలావరకు మాటకు అర్థమంటే భాషలో దాని వాడుకే అన్నాడు. మరి 890 వాడుకలోకి వచ్చేస్తే పుట్టి అర్థం అదేనా? ఏమంటారు?

తూము_లెక్క

పుట్టి అంటే 20 తూములు. ఇందులో చర్చ ఏముంది.

కావలి_అయ్యవారు

వాడుకే అర్థం. ఇది తెలుసుకోవడానికి వియన్నా దాకా పోనక్కర్లేదు నాయనా, వేదవాక్యాలకు అర్థం తేల్చే మన మీమాంసకులు ఎప్పుడో చెప్పారు. పసివాడు మాట ఎలా నేర్చుకుంటాడు? ఇంట్లో పెద్దాయన ఎవరితోనో "ఆవును తీసుకురా" అంటాడు, ఆ మనిషి ఆవును తోలుకొస్తాడు. "ఆవును కట్టెయ్" అంటాడు, కట్టేస్తాడు. "గుర్రాన్ని తీసుకురా" అంటాడు, గుర్రం వస్తుంది. ఏ మాట మారితే ఎదురుగా ఏం మారిందో చూసుకుంటూ పిల్లవాడు ఆవు ఏదో, తేవడం ఏదో విడదీసుకుంటాడు. దీన్నే వృద్ధవ్యవహారం అన్నారు. వాడి చేతికి నిఘంటువు ఎవరిచ్చారు? వాళ్ళలో ప్రభాకరుడి పక్షంవాళ్ళైతే ఇంకొంచెం ముందుకు పోయి, మాట వాక్యంలో మిగతా మాటలతో కలిసే అర్థమిస్తుంది, విడిగా కాదన్నారు. కుమారిల భట్టు పక్షంవాళ్ళు ఒప్పుకోలేదు, మాటలు ముందు వేటి అర్థం అవి చెప్తాయి, ఆ అర్థాలు తర్వాత కలుస్తాయన్నారు. అది వేరే గొడవ, అందులోకి దిగితే తెల్లారుతుంది.

నేను ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను. ఏటా ఎవడో ఒకడు పాత పద్యంలో "కంపు" అనే మాట చూసి కిసుక్కున నవ్వేవాడు. పాత కావ్యాల్లో కంపు అంటే సువాసన. ఇవాళ ఏ పెళ్ళికైనా వెళ్ళి పెళ్ళికూతురి పూలజడ కంపు కొడుతోందని చెప్పి చూడండి, భోజనం పెట్టకుండా పంపిస్తారు. ఎవరు మార్చారు దాన్ని? జీవో ఏమన్నా వచ్చిందా? జనం మార్చారు, మారింది. పుట్టి కూడా అంతే. అందరూ 890 అంటే 890.

గూడూరు_నిమ్మ

మా నిమ్మకాయల మార్కెట్లో లూజు అంటారు. దాని బరువెంతో మాత్రం అడక్కండి.

సంగం_రైతు

అయ్యవారూ నమస్తే. కంపు అర్థం మారితే ఎవరి జేబుకీ చిల్లు పడలేదు. పుట్టి అర్థం మారితే నా జేబుకు పడింది.

పోయిన ఎడగారులో, అంటే రెండో పంటలో, కోత కోయించి, కళ్ళంలోనే అమ్మేశా. వచ్చినాయన పిడికెడు వడ్లు మచ్చు తీసుకున్నాడు, రెండు గింజలు పంటి కింద వేసి కొరికాడు, "తేమ ఉంది" అన్నాడు. రేటు మాట్లాడుకున్నాం. కాటా అయ్యాక మొత్తం 9,345 కిలోలు. 850 లెక్కన చూస్తే 11 పుట్లకు ఐదు కిలోలు తక్కువ. చీటీలో ఏం రాశాడో తెలుసా? "పదిన్నర పుట్లు." అదేందన్నా అంటే "పుట్టి 890 గదా, అందరికీ అంతే వేస్తున్నాం" అన్నాడు. అర పుట్టి ఎగిరిపోయింది. గోతాలకు తరుగు తీసింది మళ్ళీ వేరే. ఆ చీటీ ఇప్పటికీ బీరువాలో పెట్టుకున్నా, మా ఆవిడ దాన్ని పారేయనీయదు.

అందరూ అంటున్నారు కాబట్టి అదే అర్థం అంటే, రేపు వాళ్ళంతా కలిసి వెయ్యి అంటారు. అప్పుడు పుట్టి వెయ్యి అవుతుందా?

తూము_లెక్క

850ని 20తో భాగించండి. 42 కిలోల 500. అది తూము. 890ని భాగిస్తే 44 కిలోల 500 వస్తుంది. అలాంటి తూము లేదు.

కందుకూరు_కుర్రాడు

మా ఊరి సంగతి వినండి. 1970లో మమ్మల్ని నెల్లూరు నుంచి తీసి కొత్తగా పెట్టిన ఒంగోలు జిల్లాలో కలిపారు. 1972లో దానికి ప్రకాశం అని పేరు మార్చారు. 2022లో మళ్ళీ తెచ్చి నెల్లూరులో కలిపారు. మా తాత "మన జిల్లా" అంటే ఒకటి, మా నాన్న "మన జిల్లా" అంటే ఇంకొకటి, 2022లో నేనన్నప్పుడు మళ్ళీ తాతదే. కందుకూరు మాత్రం కందుకూరే. ఊరి గురించి ఎవరేం చెప్పినా, ఏం మార్చినా పేరు మాత్రం ఆ ఊరినే పట్టుకుని ఉంటుందని క్రిప్కీ అనే అమెరికా ఫిలాసఫరు 1970లోనే ప్రిన్స్‌టన్‌లో ఉపన్యాసాలిచ్చాడంట. మా జిల్లా మార్చిన ఏడే.

గూడూరు_నిమ్మ

తమ్ముడూ, పుట్టికీ దీనికీ ఏం సంబంధం?

కందుకూరు_కుర్రాడు

ఏం లేదన్నా, చెప్పాలనిపించింది.

పెన్నా_ఒడ్డు

సంబంధం ఉంది, నేను చెప్తా. పారిస్ దగ్గర ప్లాటినం ఇరిడియం కడ్డీ ఒకటి ఉండేది, అదే మీటరుకు ప్రమాణం. విట్గెన్‌స్టైన్ ఒక చిత్రమైన మాటన్నాడు: ప్రపంచంలో అన్నిటినీ మీటరుందనో లేదనో చెప్పొచ్చు గానీ ఆ కడ్డీని మాత్రం మీటరుందనీ అనలేం, లేదనీ అనలేం. ఎందుకంటే కొలిచేదే అది. క్రిప్కీ ఒప్పుకోలేదు. ఆ కడ్డీని చూపించి మీటరంటే ఇంత పొడుగు అని పేరు పెట్టాం, పెట్టాక ఆ పేరు పొడుగుకు అతుక్కుంది. కడ్డీ వేడెక్కి సాగితే సాగింది కడ్డీ, మీటరు కాదు. తర్వాత నిజంగానే కడ్డీని పక్కనబెట్టారు. 1983 నుంచి మీటరును కాంతి వేగంతో చెప్తున్నారు, 2019లో కిలోను కూడా లోహపు దిమ్మ నుంచి విడదీసి ప్లాంక్ స్థిరాంకానికి కట్టారు.

రైతన్న చెప్పేది క్రిప్కీ మాట: పుట్టి ఒకసారి 850కి అతుక్కుంది, కాటా దగ్గర ఎవరు సాగదీసినా సాగింది వాళ్ళ కాటా. అయ్యవారు చెప్పేది వాడుక మాట. కానీ అయ్యవారూ, విట్గెన్‌స్టైనే ఇంకోటి కూడా అన్నాడు, రూలు పాటిస్తున్నానని అనుకోవడం రూలు పాటించడం కాదని. అందరూ చేస్తున్నారనేది ఒకటి, అది సరైన వాడుక అనేది ఇంకొకటి.

కావలి_అయ్యవారు

సరైన వాడుక అని ఎవరు తేల్చాలి నాయనా? చట్టమా? 2009 లీగల్ మెట్రాలజీ చట్టం చూస్తే రేటు చెప్పాలన్నా, తూకం వేయాలన్నా మెట్రిక్ కొలతల్లోనే. చట్టం దృష్టిలో పుట్టి అనే కొలతే లేదు! లేని కొలతకు 850 సరి, 890 తప్పు అని ఏ ఆఫీసరు చెప్తాడు? మళ్ళీ జనం దగ్గరికే రావాలి.

ఇంకోటి. రైతులు కూడా సత్తెకాలపువాళ్ళు కాదు. నిన్న కోసి ఇవాళ "ఎండిన వడ్లే" అంటారు. ప్రభుత్వం కొనేటప్పుడు తేమ 17 శాతం దాటకూడదు, ఎంతమంది వడ్లు 17లో ఉంటున్నాయి? ఆ తేమ మిల్లులో ఆరాక బరువు తగ్గేది ఎవరికి? "ఎండిన" అనే మాటను సాగదీసింది మీరు, "పుట్టి"ని సాగదీసింది వాళ్ళు. చెల్లుకు చెల్లు.

సంగం_రైతు

ఇప్పుడు తెలిసింది నాకు. అయ్యవారి అల్లుడికి వడ్ల వ్యాపారం ఉందని ఇదే గ్రూపులో ఆయనే రాశారు, పోయిన సంక్రాంతికి గోడౌన్ ఫొటో కూడా పెట్టారు. వాడుకే అర్థమంట! మీమాంసంట! నా అర పుట్టి మింగినోడికి శ్లోకాలు చదువుతున్నారు మీరు.

కావలి_అయ్యవారు

నోరు జారకు. నా అల్లుడు నీ కళ్ళానికి రాలేదు, నీ పుట్టి మింగలేదు. నేను మాట గురించి చెప్తుంటే నువ్వు మనిషి గురించి మాట్లాడుతున్నావు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను, ఉండాల్సింది చెప్పలేదు.

సంగం_రైతు

కాటా పక్కన నిలబడి ఉన్నది ఉన్నట్టు చెప్తే దాన్ని సాక్ష్యం అంటారు అయ్యవారూ. పోలీసులు అడిగితే "అందరూ అంతే వేస్తున్నారు" అని చెప్పేది మీరే.

అడ్మిన్

ఇంటి విషయాలు వద్దు. ఫొటో తీసేశాను. పుట్టి గురించి మాట్లాడండి, లేకపోతే తాళం వేస్తా.

తూము_లెక్క

నేను మొదటి నుంచీ పుట్టి గురించే మాట్లాడుతున్నా.

ఒంగోలు_కోడలు

నేనో మాట చెప్పొచ్చా. నాది మీ నెల్లూరు వైపే, పెళ్ళయి ఒంగోలు వచ్చా. పెళ్ళికి ముందు నాలుగేళ్ళు ఒక వడ్ల కొట్లో చీటీలు రాసేదాన్ని. ఇప్పుడు సంస్కృతం ట్యూషన్లు చెప్తున్నా.

కావ్యప్రకాశం అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథంలో మమ్మటుడు ఇచ్చిన ఉదాహరణ ఒకటుంది, "గతోస్తమర్కః", పొద్దు గూకింది అని. మాట ఒకటే, వినేవాళ్ళను బట్టి ఎన్నో అర్థాలు. పశువుల కాపరికి గొడ్లను ఇంటికి తోలమని, వ్యాపారికి సరుకు సర్దేయమని, సంధ్య వార్చేవాడికి వేళయిందని. నిఘంటువు వెతికితే వీటిలో ఒక్కటీ దొరకదు, అదంతా వ్యంజన, అంటే మాట పైకి అనకుండా సూచించేది. ఇంగ్లీషువాళ్ళలో గ్రైస్ కూడా దగ్గర్లోనిదే చెప్పాడు, చెప్పిన మాట వేరు, చెప్పదలుచుకున్నది వేరు అని. మా కొట్లో ఓనరు ఆకాశం వైపు చూసి "మబ్బు పట్టేట్టుందే" అనేవాడు. దాని అర్థం వానొస్తుందని కాదు, నేను చెప్పిన రేటుకు ఒప్పుకోండి అని. రైతులందరికీ తెలుసు.

సంగం అన్నా, కోపం తెచ్చుకోవద్దు. రేటు తగ్గిస్తానంటే రైతు ఒప్పుకునేవాడు కాదు. ఒకాయన నా ముందే అన్నాడు, "రేటు తగ్గించమాకమ్మా, ఊళ్ళో పరువు పోతుంది, కావాలంటే పుట్టి మీద ఇంకో పది కిలోలు వేసుకోమను." ఊరికెళ్ళి మాత్రం పక్కవాళ్ళతో సమానంగా పుట్టి ఇంతకమ్మా అని చెప్పుకుంటాడు. ఆ చీటీలు రాసింది నేను. రేటు గడిలో పెద్ద అంకె, పుట్లు గడిలో చిన్న అంకె. రెండు వైపులా 850 అని తెలుసు కాబట్టే ఈ ఆట నడుస్తుంది. పుట్టి అర్థం నిజంగా 890 అయిపోయి ఉంటే రేటు కూడా దానికి తగ్గట్టు పెరగాలి గదా? పెరగలేదు. కాబట్టి అర్థం మారలేదు అయ్యవారూ, తూకం మారింది. తేమకు కోత పెట్టుకోవాల్సిందే, పెట్టుకోండి, తేమ అని రాసి పెట్టుకోండి.

కావలి_అయ్యవారు

అమ్మా, బాగా చెప్పావు. కానీ ఇద్దరూ తెలిసి ఒప్పుకుంటే అది కొత్త వాడుకే గదా?

ఒంగోలు_కోడలు

ఇద్దరూ ఒప్పుకుంటే అవునండీ. ఈయనకు కాటా అయిన తర్వాత చెప్పారు.

కావలి_అయ్యవారు

తర్వాత చెప్పడం తప్పే. ఆ మాట మొదటే అనాల్సింది నేను. మా అల్లుడితో మాట్లాడతా, వింటాడని మాత్రం చెప్పలేను. పుట్టి సంగతి మాత్రం, ఇంకో ఇరవై ఏళ్ళకు మీ పిల్లలు 890నే పుట్టి అంటారు, రాసిపెట్టుకోండి.

సంగం_రైతు

కోడలు గారూ, పరువు మాట నిజమే. నేనూ ఆ రోజు సాయంత్రం మా బావమరిదికి ఫోన్ చేసి రేటు చెప్పా. అర పుట్టి పోయిన సంగతి చెప్పలా. ఇదిగో ఇవాళ ఇక్కడ చెప్పా.

అయ్యవారూ, అల్లుడి మాట అన్నందుకు ఏమనుకోవద్దు. 890 మాట మాత్రం ఒప్పుకోను. ఈసారి రేటు కంటే ముందు కిలోలు రాయించుకుంటా. రాయకపోతే ఏం చేస్తానంటారా, వానొచ్చేట్టుంటే ఏం చేయను, అమ్ముతా.

కలువాయి_కొత్త

చర్చ మొత్తం చదవలేదు. ఇవాళ పుట్టి ఎంతుందన్నా?

సంగం_రైతు

పంతొమ్మిది వేల రెండొందలు. కాటా 870.

తూము_లెక్క

20 తూములు.