పాత ఉక్కు లాంచీ కొని అందులోనే ఉండాలని ఉంది: అనుభవం ఉన్నవారు చెప్పండి

యానాం గట్టు
అందరికీ నమస్కారం. కాకినాడ జగన్నాథపురం వైపు ఉప్పుటేరులో ఒక ఉక్కు లాంచీ అమ్మకానికి ఉంది. పొడవు 16 మీటర్లు, వెడల్పు నాలుగున్నర. ఒకప్పుడు సముద్రంలో లంగరు వేసిన ఓడల దగ్గరికి బార్జీలను లాగేది. ఏళ్ల తరబడి కదలలేదు. ఇంజను తిరుగుతుందని అమ్మేవారి మాట. తుక్కు ధర కంటే కొంచెం ఎక్కువ అడుగుతున్నారు.

ఉద్యోగ విరమణ అయింది, పిల్లలు దూరాన ఉన్నారు. ఏడాదిలో ఎక్కువ భాగం గౌతమి మీద యానాం, కోటిపల్లి మధ్య ఉండాలని, చలికాలం వెళ్లాక తెరచాప ఎత్తి విశాఖ దాకా వెళ్లి రావాలని మా ఇద్దరి కోరిక. బంధువులు నవ్వుతున్నారు. వారిని వదిలేయండి. లాంచీలో ఏం చూడాలి, ఎక్కడ ఉంచాలి, తెరచాప సంగతేమిటి?

తాళ్ళరేవు వెల్డరు
ధర సంగతి తర్వాత. ముందు ప్లేటు మందం ఎంత మిగిలిందో తెలియాలి. ధ్వనితో మందం కొలిచే అల్ట్రాసోనిక్ గేజి ఉన్న మనిషిని పిలిపించండి. ఆయన వచ్చాక పక్కనే నిలబడండి. రంగు మీదే గేజి పెట్టి చకచకా అంకెలు రాసుకుపోయేవారు ఉంటారు. రంగులో ధ్వని ఉక్కులో కంటే బాగా నెమ్మదిగా నడుస్తుంది కాబట్టి మామూలు గేజి అర మిల్లీమీటరు రంగును మిల్లీమీటరుకు పైగా ఉక్కులా చూపిస్తుంది. పాత పనిలాంచీల మీద రంగు పొర మీద పొర ఉంటుంది. కొలిచే ప్రతిచోటా రూపాయి బిళ్లంత మేర ఉక్కు మెరిసేదాకా గీయించండి.

కొలవాల్సినవి: నీటి గీతకు ఒక జానెడు పైనా కిందా, ఇంజను కింద, ట్యాంకుల కింద, గొలుసు పెట్టే అర, మరుగుదొడ్డి చుట్టూ, పంకా తిప్పే షాఫ్టు బయటికి వచ్చే గొట్టం దగ్గర. ఉక్కు పడవ బయటి నుంచి కంటే లోపలి నుంచి ఎక్కువ చస్తుంది. బయట రంగు వేస్తారు, లోపల మురికినీరు నిలిచే మూల దాకా ఎవరి చెయ్యీ పోదు.

ఇంకొకటి. పెచ్చులు చూసి బెదిరిపోకండి. తుప్పు అసలు ఉక్కు కంటే ఎన్నో రెట్లు ఉబ్బుతుంది, వేలెడు మందం పెచ్చు రాలినా పోయింది స్వల్పమే కావచ్చు. నున్నగా కనిపిస్తూ చిన్నచిన్న గుంటలు పడిన ప్లేటు ఉంటుంది చూడండి, దాన్ని చూసి బెదరాలి. సుత్తి తీసుకెళ్లండి. మంచి ప్లేటు గణగణమంటుంది, చచ్చిన ప్లేటు మొద్దుగా పలుకుతుంది.

యానాం గట్టు
అడుగున లోపలివైపు సిమెంటు పోసి ఉంది. అది మంచిదేనని అమ్మేవారు అంటున్నారు.

తాళ్ళరేవు వెల్డరు
ఆయన అనక తప్పదు. దాని కింద ఏముందో ఆయనకూ తెలియదు.

విశాఖ డ్రాయింగు బల్ల
వెల్డరు గారితో కొంచెం విభేదిస్తాను. శుభ్రమైన ఉక్కు మీద గట్టిగా పట్టుకున్న సిమెంటు ఉక్కును కాపాడుతుంది. అది క్షార స్వభావం గలది కదా. అంచుల దగ్గర పట్టు వదిలి సన్నని సందు ఏర్పడినప్పుడే చిక్కు, అందులో చేరిన ఉప్పునీరు ఇక ఆరదు. సుత్తితో కొడుతూ వెళ్లండి, డొల్లగా పలికినచోట పగలగొట్టించండి. కింద ప్లేటును బయటి నుంచి గేజితో చూడవచ్చు కాబట్టి మొత్తం తవ్వనక్కరలేదు. పైగా ఆ సిమెంటు బరువు లాంచీ నిలకడలో భాగం. తీస్తే దాని బదులు మరో బరువు అడుగునే పెట్టాలి.

నిలకడ మాట వచ్చింది కాబట్టి: లాంచీని ఇల్లుగా మార్చేవారు చేసే మొదటి పని పైన గది కట్టడం, రెండోది ఆ గది మీద నీళ్ల ట్యాంకు పెట్టడం. లాగుడు లాంచీలో బరువంతా కింద ఇంజనులో ఉంటుంది. మీరు ఇంజను మార్చి తేలికైనది పెట్టి, పైన గది కట్టి, దానిమీద తెరచాప స్తంభం నిలిపితే ఒరిగినప్పుడు తిరిగి లేవడం కష్టం. కట్టడానికి ముందే తెలిసిన బరువులను డెక్కు మీద ఈ పక్కకూ ఆ పక్కకూ జరిపి ఎంత ఒరుగుతుందో కొలిపించండి. ఒక పూట పని. ఆ అంకె లేకుండా స్తంభం ఎత్తు నిర్ణయించలేరు.

పాత సరంగు
బాబూ, మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. అది ఎంత లోతు మునుగుతుంది? లాగుడు లాంచీ అంటే పెద్ద పంకా, దాన్ని ముంచడానికి లోతైన వెనక భాగం. మీరు చెప్పిన కొలతకు దాదాపు మీటరు ఎనభై సెంటీమీటర్లు ఉంటుంది. కాకినాడ తీరంలో ఆటుకూ పోటుకూ తేడా అమావాస్య, పున్నమి రోజుల్లో కూడా మీటరున్నర దాటదు. అంటే పోటున ఒడ్డుకు తెచ్చి ఆటున అడుగు గీకించుకునే పని రేవు దాటించే బల్లపరుపు పంటుకు కుదిరినట్టు మీకు కుదరదు. ఇసుక మీద కూర్చుంటే పక్కకు ఒరిగిపోతుంది. అడుగు పని ఏదైనా స్లిప్‌వే మీదే, అంటే పడవను నీటిలోంచి పైకి లాగే వాలు గట్టు మీదే.

ఇక దారి. గౌతమి సముద్రంలో కలిసే మొగలో ఇసుక మేట ఒక వరదకు ఒకచోట, మరో వరదకు మరోచోట. నా రోజుల్లో దారి ఉన్నచోట ఇప్పుడు సరుగుడు తోపు ఉంది. భైరవపాలెం జాలరులను అడగకుండా లోపలికి రాకండి. కాగితం పటం ఆ మొగ విషయంలో పనికిరాదు.

కోనసీమ కాపురం
మేము పాత పంటును ఇల్లుగా మార్చుకుని వైనతేయ మీద ఉంటున్నాం. తెరచాప లేదు, సముద్రం మీద ఆశా లేదు, కాబట్టి ఆ సంగతులు పెద్దలకు వదిలి కాపురం సంగతులు చెబుతాను.

వేడి. మే నెలలో ఉక్కు డెక్కు పెనమే. ముదురు రంగు వేయకండి. తెలుపు వేసి, దానిపైన మూరెడు ఎడంతో తాటాకు పందిరో గుడ్డ పందిరో వేయండి, గాలి మధ్యలోంచి పోవాలి. అది లేకుండా ఏసీ పెట్టినా దండగ.

చెమట. డిసెంబరు తెల్లవారుజామున లోపలి గోడలన్నీ నీళ్లు కారతాయి, మన ఊపిరే ఆ నీరు. అందుకే నీటి గీతకు పైనున్న ఉక్కుకంతా లోపలివైపు సందు లేకుండా అంటుకునే ఫోము కావాలి. నీటి గీతకు కింద వద్దు, అక్కడ ప్లేటు కంటికి కనబడుతూ ఉండాలి. బట్టల బీరువా ఉక్కు గోడకు ఆనించకండి. నా పట్టుచీరలు ఎలా పోయాయో చెప్పి ఏడిపించను.

గ్యాసు బండ లోపల పెట్టకండి. వంటగ్యాసు గాలి కంటే బరువు. ఇంట్లో కారితే గుమ్మం కిందనుంచి పోతుంది, పడవలో అడుగున చేరి కూర్చుంటుంది. మా బండ డెక్కు మీద, నదివైపు చిల్లులున్న పెట్టెలో ఉంది. ఎండ ఉన్నంతసేపూ సోలారుతో ఇండక్షన్ పొయ్యి.

వరద. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు మొదటి హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది ఇస్తారు. మొదటి హెచ్చరిక వచ్చేసరికే మేము రెండో తాడు, మూడో తాడు చెట్లకు కట్టేసి ఉంటాం. నీటి వేగం కంటే ప్రాణం తీసేది గుర్రపుడెక్క. ఎకరాల కొద్దీ కొట్టుకొచ్చి లంగరు గొలుసుకు చుట్టుకుంటుంది, ఆ బరువుకు లంగరు ఈడ్చుకుపోతుంది. 2022 జులై వరదలో రాత్రంతా కత్తులతో కోస్తూనే ఉన్నాం.

పాత సరంగు
అమ్మ చెప్పింది అక్షరాలా నిజం. వరదలో ఇంజను బలాన్ని నమ్మి కదలకండి. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న పర్యాటక బోటు మునిగింది వరద నీటిలోనే. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం దాన్ని పైకి తీసేసరికి అక్టోబరు 22 అయింది.

అమలాపురం రంగులు
ఉక్కు బాగు చేశాక రంగు దగ్గర చెడగొట్టుకునేవారే ఎక్కువ. మన తీరంలో గాలి తేమ చంపేస్తుంది. ప్లేటు వేడి మంచుబిందువు (గాలిలో తేమ నీరుగా మారే వేడి) కంటే కనీసం మూడు డిగ్రీల సెల్సియస్ ఎక్కువ ఉంటేనే రంగు వేయాలి. తేమ 85 శాతం దాటితే బ్రష్షు ముట్టుకోకండి. ఆచరణలో తెల్లవారుజాము, సాయంత్రం రెండూ పోతాయి, ఉదయం తొమ్మిది దాటాక మొదలుపెట్టి మూడింటికి ఆపేయాలి. బ్లాస్టింగు చేసిన, అంటే ఒత్తిడి గాలితో రాపిడి రవ్వ కొట్టి తుప్పు వదిలించిన ఉక్కు ఆ పూటే మొదటి పూత చూడాలి, రాత్రి వదిలేస్తే పొద్దున్నకు పసుపు పూసినట్టు తుప్పు.

మామూలు ఇసుకతో బ్లాస్టింగు వద్దు. ఆ ధూళితో ఊపిరితిత్తులకు సిలికోసిస్ వస్తుంది, చేసే కుర్రాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. రాగి స్లాగో గార్నెట్టో తెప్పించండి. అంచులకూ వెల్డింగు గీతలకూ ముందు బ్రష్షుతో విడిగా ఒక పూత, ఆ తర్వాతే మొత్తం మీద. అంచు దగ్గర రంగు పలచబడుతుంది, తుప్పు మొదలయ్యేది అక్కడే.

తాళ్ళరేవు వెల్డరు
కొత్త ప్లేటు లెక్క చెబుతాను. 6 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకు 47 కిలోలు. మొత్తం అడుగు, పక్కలు మార్చాల్సి వస్తే 80 చదరపు మీటర్లు వేసుకున్నా దాదాపు 3,770 కిలోల ఉక్కు. ఉక్కు ఖర్చు చూసి కంగారు పడకండి, అసలు ఖర్చు కూలీ, స్లిప్‌వే అద్దె.

పాత ప్లేటు మీదే కొత్త ముక్క అతికిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. రెంటి మధ్యన చేరిన తేమ రెండు ప్లేట్లనూ తింటుంది. చచ్చిన ముక్క కోసి తీసి, మూలలు గుండ్రంగా ఉంచి, కొత్తది కూర్చాలి. వెల్డింగు ఒకే చోట ఏకధాటిగా చేయకూడదు, వేడికి ప్లేటు మెలితిరుగుతుంది. ఇక్కడ కొంచెం, అక్కడ కొంచెం. 7018 రకం వెల్డింగు రాడ్లు వాడితే పొయ్యిలో వేడిగా ఉంచాలి, మన తేమకు బయట పెడితే చెడిపోతాయి.

అన్నిటికంటే ముఖ్యం: ఏళ్లుగా మూసి ఉన్న ట్యాంకులోకి ఎవరినీ దింపకండి. ఇనుము తుప్పు పట్టేటప్పుడు లోపలి గాలిలోని ఆక్సిజన్‌ను తినేస్తుంది. వాసన ఉండదు, ఇబ్బంది తెలియదు, దిగిన మనిషి కూలిపోతాడు, తీయడానికి దిగినవాడూ కూలిపోతాడు. మూత తీసి, బ్లోయరు పెట్టి గంటల తరబడి గాలి కొట్టి, ఆక్సిజన్ మీటరుతో చూసి, పైన ఒక మనిషిని నిలబెట్టి అప్పుడు దిగాలి. పాత ఫోము ఉంటే వెల్డింగుకు ముందే మొత్తం గీకేయండి. కాలితే సైనైడ్ వాయువు వస్తుంది.

లంక రైతు
నాది చిన్న ఉక్కు పడవ. ఉక్కు బదులు తాము కరిగి తుప్పును ఆపే జింకు దిమ్మలు వెల్డింగు చేయించాను, బాగానే పనిచేస్తున్నాయి. ఆయన కూడా అవే పెట్టుకోవచ్చా?

విశాఖ డ్రాయింగు బల్ల
ఉప్పునీటిలో జింకు సరే. కానీ గౌతమి దిగువ భాగం వేసవిలో ఉప్పు, వరద నెలల్లో తీపి. తీపి నీటిలో జింకు మీద పొర కట్టి పనిచేయడం మానేస్తుంది. మెగ్నీషియం తీపి నీటికి సరిపోతుంది గానీ ఉప్పునీటిలో తొందరగా కరిగిపోతుంది, రంగునూ ఊడదీస్తుంది. మన డెల్టా నీటికి మధ్యేమార్గం అల్యూమినియం దిమ్మలు. ఒడ్డు నుంచి కరెంటు తీగ తెచ్చుకుంటే మధ్యలో ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మరు పెట్టండి, ఒడ్డు తీగకూ మీ పడవకూ నేరుగా కలయిక ఉండదు. లేకపోతే పక్క పడవల తప్పుడు తీగల ఫలితం మీ ప్లేటు మీద పడుతుంది.

తెరచాప గురించి నా అభిప్రాయం సూటిగా చెబుతాను. ఈ లాంచీ గాలికి ఎదురు నడవదు. దాని ఆకారం అందుకు కాదు, ఆ పెద్ద పంకా నీటిని పట్టుకుని లాగుతూ ఉంటుంది. వెనక గాలికీ పక్క గాలికీ కొంత నడుస్తుంది, అలలలో ఊగడం తగ్గుతుంది. అంతవరకే ఆశించండి. నిజంగా తెరచాపతోనే తిరగాలంటే అందుకోసం కట్టిన ఉక్కు పడవ వెతకండి. ఫ్రెంచి నావికుడు బెర్నార్ మ్వాతెస్సియే 1968-69లో భూమిని చుట్టిన ‘జాషువా’ ఉక్కుదే. 1982లో మెక్సికోలోని కాబో సాన్ లూకాస్ దగ్గర తుపాను దాన్ని ఒడ్డున పడేసినా దాని ఉక్కు పగలలేదు. బాగు చేశాక ఇప్పుడు లా రోషెల్ ఓడల మ్యూజియంలో ఉంది.

పాత సరంగు
ఈ బాబుకి ఎదురుగాలి తెరచాప అక్కరలేదు, కాలం చూసుకుంటే చాలు. ఫిబ్రవరి దాటాక తీరం వెంట ప్రవాహం ఉత్తరానికి నడుస్తుంది, గాలి దక్షిణం నుంచి తిరుగుతుంది. కాకినాడ నుంచి విశాఖ 150 కిలోమీటర్ల లోపే. వెళ్లేటప్పుడు తెరచాప, వచ్చేటప్పుడు ఇంజను అనుకోండి. అక్టోబరు నుంచి డిసెంబరు మాత్రం ఒడ్డు వదలకండి. 1996 నవంబరు తుపాను కోనసీమను ఏం చేసిందో చూసినవాణ్ని.

స్తంభం మడిచేలా పెట్టించండి. గౌతమి మీద ఎదుర్లంక దగ్గర వంతెన, నది అడ్డంగా కరెంటు తీగలు. ఉక్కు స్తంభం, ఉక్కు లాంచీ, పైన హై టెన్షన్ తీగ. ఇక చెప్పక్కరలేదు.

కోనసీమ కాపురం
కాగితాలు మరచిపోకండి. నది వరకైతే 1917 చట్టం స్థానంలో వచ్చిన 2021 అంతర్దేశీయ నౌకల చట్టం, సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్. మొగ దాటితే సముద్ర నౌకల చట్టం వేరు. రెండూ కావాలనుకుంటే కొనకముందే సర్వేయరును కలవండి. మా కాగితం ఒక కార్యాలయంలో ఎంత కాలం నిద్రపోయిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

యానాం గట్టు
అందరికీ కృతజ్ఞతలు. నిన్న గేజి మనిషితో వెళ్లాం. పాత ప్లేటు 6 మిల్లీమీటర్లు. అడుగు చాలావరకు 5.2, నీటి గీత దగ్గర 4.1 నుంచి 4.6, ఇంజను కింద ఒకచోట 2.8. సిమెంటు ముందువైపు గట్టిగా ఉంది, ఇంజను గదిలో డొల్ల. అంకెలు చూపించాక అమ్మేవారు తుక్కు ధరకు దిగారు. లోతు సరంగు గారు చెప్పినట్టే, మీటరు డెబ్బై అయిదు.

మా ఆవిడ తీర్పు: కొందాం, తెరచాప తర్వాత చూద్దాం, ముందు వంటగది. వెల్డరు గారూ, మే నెలలో స్లిప్‌వే దొరుకుతుందా?

తాళ్ళరేవు వెల్డరు
పాతిక శాతం పోయిన ప్లేటు మార్చడం నా పద్ధతి. 4.5 కంటే తక్కువున్నదంతా కోయాలి. అంటే నీటి గీత పట్టీ చాలావరకు, ఇంజను కింద ముక్క. అడుగు ఉంచుకోవచ్చు. ఇది బతికే లాంచీయే.

మే నెలలో మాత్రం దొరకదు. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. తీరంలోని ప్రతి మరబోటూ ఆ రెండు నెలల్లోనే ఒడ్డెక్కుతుంది, వెల్డరూ దొరకడు, స్థలమూ దొరకదు. ఫిబ్రవరికే మాట్లాడుకుని మార్చిలో ఎక్కించండి. గాలి కూడా అప్పుడు పొడి, రంగుల ఆయన సంతోషిస్తారు.

పాత సరంగు
లాక్కెళ్లే రోజు పున్నమి పోటు చూసి పెట్టుకోండి, ఉప్పుటేరులో బురద మేట ఉంది. దాని ఇంజను జోలికి పోకండి, వేరే లాంచీతో లాగించండి. ముందురోజే నీళ్లు లోపలికి వచ్చే వాల్వులన్నీ మూసి, మూసుకోని వాటికి కొయ్య బిరడాలు కొట్టండి. ఇంజను కింద 2.8 ఉన్నచోట సబ్బుముక్క, రబ్బరు షీటు, ఒక పంపు, పంపు పక్కన నిద్రపోని మనిషి. పోటు నిండడానికి గంట ముందు తాడు కట్టండి.