మంచు పడే రోజు గురించి బొమ్మల పుస్తకం: పాపకి ఎలా చెప్పాలి?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేం ఆగస్టులో ఈ దేశం వచ్చాం. పాపకి నాలుగేళ్లు, ఇంతవరకు మంచు చూడలేదు. వచ్చే వారం బాగా పడుతుందని, స్కూలు కూడా మూసేయొచ్చని అంటున్నారు. లైబ్రరీ నుంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చాను. మంచు పడిన రోజు ఇంట్లో అమ్మా నాన్నా పిల్లలూ ఏం చేశారన్నది కథ. ఇంగ్లీషులో చదువుతుంటే రెండో పేజీకే లేచి వెళ్లిపోతోంది. తెలుగులో చెప్తే వింటుందేమో కానీ, స్కూల్లో వెనకబడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:
తెలుగులోనే చెప్పండి, సందేహం పెట్టుకోకండి. ఈ వయసులో ముందు ఏం జరిగింది, తర్వాత ఏమైంది, ఎందుకలా అయింది అన్నది అర్థమవడం ముఖ్యం. ఇంటి భాషలో అది పట్టుబడితే స్కూలు భాషలోనూ పనికొస్తుంది. ఇంగ్లీషు నేర్పడానికి అక్కడ టీచరు, తోటిపిల్లలు ఉన్నారు. తెలుగులో కథ చెప్పడానికి మీరే కదా ఉన్నది.

పుస్తకంలోని వాక్యాలన్నీ అప్పజెప్పాలని చూడకండి. మామూలుగా ఇలాంటి పుస్తకం 32 పేజీలుంటుంది. పేజీకి ఒకటి రెండు వాక్యాలే, మిగతా కథంతా బొమ్మలోనే. కిటికీ అద్దానికి ఆవిరి పట్టి ఉంటుంది, హీటరు పక్కన మేజోళ్లు ఆరేసి ఉంటాయి. వాక్యం వాటి ఊసే ఎత్తదు. పాప వేలు ఎక్కడ ఆగితే అక్కడ మాట్లాడండి. "ఈ మేజోళ్లు ఎందుకు తడిశాయి?" అనడిగి, జవాబు కోసం కాసేపు ఆగండి. "ఆడుకున్నారు" అంటే, "అవును, బయట ఆడుకుంటుంటే బూట్లలోకి మంచు దూరింది" అని తన మాటకే ఇంకో నాలుగు మాటలు కలపండి. అమెరికాలో గ్రోవర్ వైట్‌హర్స్ట్, ఆయన తోటి పరిశోధకులు 1988లో ప్రచురించిన అధ్యయనంలో తల్లిదండ్రులకి నేర్పింది ఇదే: ఔను, కాదు అనే జవాబుతో సరిపోని ప్రశ్నలు అడగడం, పిల్లల జవాబుని పెంచి చెప్పడం. నెల రోజుల్లోనే ఆ పిల్లలు మాట్లాడటంలో మిగతావాళ్ల కంటే ముందున్నారు. వాళ్లు మూడేళ్లు కూడా నిండని పిల్లలు.

బయటికి వెళ్లడానికి తయారయ్యే పేజీ ఉంటే దాని దగ్గర ఎక్కువసేపు ఉండండి. మొదటి మంచు రోజు ఏడుపులు చాలావరకు గుమ్మం దగ్గరే మొదలవుతాయి. అన్నిటికంటే ముందు బాత్రూమ్. తర్వాత మేజోళ్లు, స్నో ప్యాంటు, బూట్లు. స్నో ప్యాంటు లోపల సాగే పట్టీ ఒకటి ఉంటుంది, దాన్ని బూటు మీదకి లాగితే మంచు లోపలికి పోదు. తర్వాత జాకెట్ జిప్పు, టోపీ. చేతి తొడుగులు చివరికి, ఎందుకంటే అవి వేసుకున్నాక తన జిప్పు తను పెట్టుకోలేదు. పుస్తకం తెరిచి పెట్టి, ఈ వరసంతా ఒక బొమ్మకి వేయించండి. ఎండగా ఉన్న రోజే ఈ పని అయిపోతే, అసలు రోజున తనే మీకు చెప్తుంది, తర్వాత ఏంటో.

ఇంకొకరి జవాబు:
పైన చెప్పినదంతా నిజం. నేనొక పుస్తకం పేరు చెప్తాను: ఎజ్రా జాక్ కీట్స్ రాసి, బొమ్మలు వేసిన 'ద స్నోయీ డే'. 1962లో వచ్చింది, మరుసటి ఏడాది బొమ్మలకి కాల్డికాట్ పతకం (అమెరికాలో పిల్లల బొమ్మల పుస్తకాలకి ఇచ్చే బహుమతి) ఇచ్చారు. అందులో పీటర్ అనే నల్లజాతి పిల్లవాడు ఎర్రటి స్నో సూటు వేసుకుని మంచులో తిరుగుతాడు. అప్పట్లో అక్కడి పిల్లల పుస్తకాల్లో తెల్లపిల్లలే కథానాయకులు, ఇలాంటి పిల్లవాడు కనిపించడం చాలా అరుదు. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ తన 125 ఏళ్ల సందర్భంగా 2020లో లెక్క తీస్తే, జనం అన్నిటికంటే ఎక్కువసార్లు తీసుకెళ్లిన పుస్తకం ఇదే. మన పిల్లలు కూడా క్లాసులో చుట్టూ చూసుకుంటారండీ, వాళ్లలాంటి ముఖం ఉందా అని. అందుకే నాకీ పుస్తకమంటే ఇంత ఇష్టం.

పీటర్ మంచు ఉండ ఒకటి జేబులో వేసుకుని ఇంటికొస్తాడు. తర్వాత చూస్తే జేబు ఖాళీ. అక్కడ ఆగి, "ఏమైంది?" అని పాపని అడగండి. మీరు మాత్రం చెప్పేయకండి.

అడిగినావిడ:
చాలా థాంక్సండీ. బొమ్మకి బట్టలు వేసే ఆట ఈ రోజే మొదలుపెడతాను. ఒక్క సందేహం. మా అత్తయ్యగారు ఇక్కడే ఉన్నారు, మంచులో తిరిగితే జలుబు చేస్తుందని పాపని బయటికి పంపనివ్వరు. ఇంట్లోనే చూపించే దారుందా?

జవాబు:
జలుబు వైరస్ వల్ల వస్తుంది, మంచు తాకినంత మాత్రాన రాదు. అయినా పెద్దావిడతో వాదన వద్దు. ఆమెనీ కూర్చోబెట్టుకుని పుస్తకం చెప్పండి. లోపలికి రాగానే తడి బట్టలు మార్చేసే పేజీ చూస్తే సగం భయం పోతుంది. తర్వాత పది నిమిషాలు పంపమని అడగండి.

ఇంట్లో అయితే ఒక గాజుగ్లాసు నిండా కొత్త మంచు, నొక్కకుండా తెచ్చి బల్ల మీద పెట్టండి. కరిగాక అడుగున కొద్దిగా నీళ్లు మిగులుతాయి. పది అంగుళాల మంచు కరిగితే సుమారు ఒక అంగుళం నీళ్లు, మిగతాదంతా మధ్యలో ఉన్న గాలి. పొడిమంచైతే ఇంకా తక్కువే. ఎంత మిగులుతుందో ముందే గ్లాసు మీద పెన్నుతో గీత పెట్టమనండి పాపని. పీటర్ జేబు సంగతి అప్పుడు తనకే తెలిసిపోతుంది.

ఇంకొకటి. నల్లగుడ్డ ముక్కని కాసేపు బయటే ఉంచి చల్లబడనివ్వండి. గుమ్మంలో నిలబడి దాని మీద మంచు పట్టి, భూతద్దంతో చూపించండి. గుడ్డ వెచ్చగా ఉంటే చూసేలోపే కరిగిపోతుంది. ఒక్కో మంచు స్ఫటికానికి రేకులు ఆరు ఉంటాయి, గడ్డకట్టేటప్పుడు నీటి అణువులు ఆరు మూలలుగా అమరుతాయి కాబట్టి. అమెరికాలోని వర్మాంట్‌లో విల్సన్ బెంట్లీ అనే రైతు 1885లో సూక్ష్మదర్శినికి కెమెరా తగిలించి ఒక మంచు స్ఫటికానికి ఫోటో తీశాడు. జీవితకాలంలో అలాంటివి ఐదువేలకి పైగా తీశాడు.

మరొకరు:
ఈ పుస్తకాల్లో నాన్న పారతో మంచు తీసే పేజీ ఒకటి ఉంటుంది చూడండి, అది అమ్మా నాన్నా మీ ఇద్దరి కోసం. హీటరు పొగ పోయే గొట్టం బయటి గోడకి కిందుగా ఉంటే, మంచు కప్పేయకుండా ముందు దాని చుట్టూ ఉన్న మంచు తీయండి. మూసుకుపోతే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు ఇంట్లోకి వస్తుంది, దానికి వాసన ఉండదు. దాన్ని పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో ఈ రోజే బటన్ నొక్కి చూసుకోండి.

అన్నట్టు, మంచు ఎక్కువగా పడితే చాలాచోట్ల లైబ్రరీ కూడా మూసేస్తారు. ముందురోజే వెళ్లి ఇంకో రెండు పుస్తకాలు తెచ్చుకోండి.