ఫ్యామిలీ మెడిసిన్‌లో చేరి వెనీర్ల మీద రీసెర్చ్ చేస్తానంటే అర్థముందా?

పీజీ_ముంగిట:

అందరికీ నమస్కారం. మెడిసిన్ అయిపోయింది, హౌస్ సర్జన్సీ కూడా చివరికొచ్చింది, ఫ్యామిలీ మెడిసిన్‌లో చేరాలని దాదాపు నిర్ణయించుకున్నాను. చిక్కల్లా ఒక్కటే. మా అక్క డెంటిస్టు. సెలవుల్లో తన క్లినిక్‌లో కూర్చుని చూసీ చూసీ ముందుపళ్ళకి చేసే వెనీర్లు (పన్ను ముందువైపు అతికించే పలుచటి పొరలు), కాంపోజిట్ బాండింగ్ (పంటి రంగు రెసిన్‌తో పన్నుని సరిదిద్దడం) మీద నాకు బాగా ఆసక్తి పట్టుకుంది. చేసేది ఒకే డాక్టరు, మెటీరియల్ ఒకటే, పద్ధతీ ఒకటే, అయినా ఒకరికి ఏళ్ళ తరబడి చెక్కుచెదరవు, ఇంకొకరు కొన్నాళ్ళకే అంచులు పెచ్చులూడి మళ్ళీ వస్తారు. ఎందుకని అడిగితే, నోరొక్కటే చూస్తే తెలీదు, మనిషి మొత్తాన్ని చూడాలి అంది అక్క.

ఆ మాట మనసులో ఉండగానే వార్డులో ఒక పేషెంటుని చూశాను. చాలా ఏళ్ళుగా గుండెల్లో మంట, పుల్ల తేన్పులు. టార్చి వేసి చూస్తే పై ముందుపళ్ళ వెనకవైపు ఎనామిల్ (పంటి గట్టి పైపొర) అరిగి నున్నగా మెరుస్తోంది, అంచులు ఎంత పలచబడ్డాయంటే వెలుతురు అవతలికి కనబడుతోంది. ఆయనేమో పళ్ళు పొట్టిగా అయిపోయాయి, క్యాపులు వేయించుకుంటాను, ఏవి మంచివో చెప్పండి అంటున్నారు. కేసు షీటులో మందుల చిట్టా అంతా ఉంది గానీ పళ్ళ గురించి ఒక్క ముక్క లేదు.

ఇలాంటివాళ్ళ మీద, అంటే అందం కోసం పళ్ళకి చేయించుకున్న పని ఎంతకాలం నిలుస్తుంది, దానికీ ఒంట్లో ఉన్న జబ్బులకీ మందులకీ సంబంధమేంటి అన్నదాని మీద పీజీలో థీసిస్ చేయాలనుంది. సీనియర్లు కొందరు ఇది డెంటల్ వాళ్ళ సబ్జెక్టు, నీకెందుకు, కెరీర్‌కి పనికిరాదు అంటున్నారు. ఇప్పటిదాకా ఏం తేలింది, ఏం తేలలేదు, ఫ్యామిలీ డాక్టరుగా నేను చేయగలిగింది నిజంగా ఏమన్నా ఉందా? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పగలరు.

ప్రోస్థో_డాక్టర్:

మీ అక్క గారు సరిగ్గా చెప్పారు. నేను ప్రోస్థోడాంటిస్టుని, అంటే క్యాపులు, కట్టుడుపళ్ళ స్పెషలిస్టుని, ముందుపళ్ళ పనే ఎక్కువ చేస్తాను కాబట్టి తేలిన సంగతులు ముందు చెప్తాను.

వెనీర్ నిలబడేది పింగాణీ గట్టిదనం వల్ల కాదు, అతుకు వల్ల. 1930లలో చార్లెస్ పింకస్ హాలీవుడ్ నటులకి పలుచటి పింగాణీ తొడుగులు పెట్టేవాడు గానీ షూటింగ్ అయ్యాక తీసేయాల్సిందే, ఎందుకంటే పంటికి శాశ్వతంగా అతికించే దారి అప్పటికి లేదు. 1955లో బూనోకోర్ ఎనామిల్ మీద ఫాస్ఫారిక్ యాసిడ్ పూస్తే రెసిన్ గట్టిగా పట్టుకుంటుందని చూపించాడు. 1983లో సిమన్‌సెన్, కలమియా పింగాణీ లోపలివైపు కూడా హైడ్రోఫ్లోరిక్ యాసిడ్‌తో గరుకు చేసి అతికించవచ్చని చూపించాక ఇప్పటి వెనీర్ మొదలైంది. అంటే కథంతా ఎనామిల్ మీద ఉంది. ఎనామిల్‌కి అతికితే బాగా పట్టుకుంటుంది, లోపలి డెంటిన్‌కి అతికితే ఆ నమ్మకం తగ్గుతుంది. చిగురు దగ్గర ఎనామిల్ అర మిల్లీమీటరు కూడా ఉండకపోవచ్చు, అక్కడ కాస్త ఎక్కువ అరగదీస్తే డెంటిన్ బయటపడుతుంది. ఇప్పుడు మీ వార్డు పేషెంటుని గుర్తుచేసుకోండి. ఆయన ఎనామిల్‌ని మేం చెయ్యి వేయకముందే యాసిడ్ తినేసింది.

లెక్కలు కావాలంటే లేటన్, వాల్టన్ 2007లో ప్రచురించిన స్టడీ చూడండి. 100 మందికి 304 పింగాణీ వెనీర్లు, 16 ఏళ్ళ దాకా ఫాలో అయ్యారు. 5, 6 ఏళ్ళకి 96 శాతం, 10, 11 ఏళ్ళకి 93 శాతం నిలిచాయి, 15, 16 ఏళ్ళకి వచ్చేసరికి 73 శాతం. మంచి ఫలితాలే, కానీ ఆ పని మొత్తం చేసింది ఒకే స్పెషలిస్టు, అందరి చేతిలో అలాగే వస్తుందనుకోవద్దు. పన్ను ఎంత పోతుందనే దాని మీద ఎడెల్‌హాఫ్, సోరెన్సెన్ 2002లో తూకం వేసి చూశారు. వెనీర్ లాంటి అతికించే పనులకి పంటి పైభాగం (చిగురు బయట కనిపించే భాగం) బరువులో 3 నుంచి 30 శాతం పోతే, పూర్తి క్యాపుకి 63 నుంచి 72 శాతం పోయింది. జనం వెనీరన్నా క్యాపన్నా ఒకటే అనుకుని ఒప్పుకుంటున్నారు, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది అదే. పాతికేళ్ళ వయసులో, ఏ జబ్బూ లేని పళ్ళని క్యాపు కోసం మేకుల్లా చెక్కేస్తే ఆ పన్ను మళ్ళీ రాదు, ఆ క్యాపు జీవితాంతం రాదు, మార్చినప్పుడల్లా ఇంకాస్త పోతుంది.

కాంపోజిట్ రంగు పడుతుంది, అంచులు చిట్లుతాయి, పాలిష్ పెట్టిస్తూ ఉండాలి. కానీ చాలాసార్లు పన్ను చెక్కకుండానే పెట్టొచ్చు, విరిగితే అక్కడికక్కడే అతకొచ్చు. పంటి లోపలి మరకలకి నేరుగా నోట్లో చేసే వెనీర్ మేలా, ల్యాబులో చేసింది మేలా అని 2004లో కాక్రేన్ రివ్యూ (ఉన్న స్టడీలన్నీ ఒకచోట చేర్చి తూచేది) చూస్తే ఎన్నాళ్ళు నిలుస్తాయనే విషయంలో ఏదో ఒకటి మేలని చెప్పే నమ్మదగ్గ ఆధారం దొరకలేదు.

ఇక మీకు పనికొచ్చే ముక్క. ఈ స్టడీల్లో చాలావాటిలో నిద్రలో పళ్ళు కొరికేవాళ్ళని, చిగుళ్ళ జబ్బు ముదిరినవాళ్ళని మొదట్లోనే పక్కన పెట్టేస్తారు. క్లినిక్‌కి వచ్చేది మాత్రం వాళ్ళే.

నిజం_చెప్పాలంటే:

నాకు ఈ ఆలోచనే నచ్చలేదండీ, ఉన్నమాట చెప్తున్నాను. డబ్ల్యూహెచ్‌ఓ 2022 రిపోర్టు ప్రకారం ప్రపంచంలో సుమారు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయి, శాశ్వత పళ్ళలో వైద్యం అందని పిప్పిపళ్ళున్నవాళ్ళే దాదాపు 200 కోట్లు. ఫ్యామిలీ మెడిసిన్ అంటే అందరికీ అందే వైద్యం. అలాంటి చోట చేరి తెల్లటి పళ్ళు కావాలనుకునేవాళ్ళ మీద థీసిస్ రాయడమేంటి? పిల్లల పిప్పిపళ్ళ మీద చేయండి, నలుగురికి ఉపయోగం.

కుటుంబ_వైద్యం:

పై మాటలో న్యాయం ఉంది, కొట్టిపారేయను. చిన్నపిల్లలకి పాలపళ్ళు వచ్చినప్పటి నుంచీ ప్రైమరీ కేర్‌లోనే, పళ్ళు పుచ్చకుండా ఫ్లోరైడ్ వార్నిష్ పూయమని అమెరికా ప్రివెంటివ్ సర్వీసెస్ టాస్క్ ఫోర్స్ 2014లోనే సిఫారసు చేసింది, 2021లో మళ్ళీ అదే అంది. అది ఫ్యామిలీ డాక్టరు పనే. కానీ అదే టాస్క్ ఫోర్స్ 2023లో, పెద్దవాళ్ళ నోరు ప్రైమరీ కేర్‌లో పరీక్షిస్తే మేలెంత, కీడెంత అని తేల్చడానికి తగిన ఆధారాలు లేవంది. ఆధారాలు లేవంటే అక్కర్లేదని కాదు, ఎవరో ఒకరు పోగుచేయాలని. ఈ అబ్బాయో అమ్మాయో అడుగుతున్నది సరిగ్గా ఆ చోటే.

అందం కోసం అనే మాటని కూడా అంత తేలిగ్గా తీసేయకండి. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వేవాళ్ళు, ఇంటర్వ్యూలంటే టెన్షన్ పడి మానేసేవాళ్ళు మా దగ్గరకి వస్తారు. పళ్ళ కోసం రారు, నిద్ర పట్టట్లేదనో గుండె దడగా ఉందనో వస్తారు.

రోజూ నా గదిలో జరిగేది చెప్తాను. అలర్జీ మందు, డిప్రెషన్ మందు, మూత్రం అదుపు మందు, మూడూ ఒకే మనిషికి వేర్వేరు డాక్టర్లు రాసి ఉంటారు, మూడూ నోరు ఎండబెట్టేవే. లాలాజలం తగ్గితే వెనీర్ అంచు పట్టుకుని పన్ను పుచ్చుతుంది. వెనీర్‌కేం కాదు, దాన్ని మోసే పన్ను పోతుంది. డిప్రెషన్ మందులతో కొందరికి నిద్రలో పళ్ళు కొరకడం మొదలవుతుంది. షుగర్ అదుపులో లేకపోతే చిగుళ్ళు దిగిపోయి అతుకు గీత బయటపడుతుంది. బీపీకి వాడే ఆమ్లోడిపిన్‌తో కొందరికి చిగురు ఉబ్బుతుంది. పుల్ల తేన్పుల సంగతైతే, రిఫ్లక్స్ జబ్బుకి (కడుపులో యాసిడ్ పైకి తన్నడం) నిపుణులు ఇచ్చిన 2006 మాంట్రియల్ నిర్వచనంలోనే పళ్ళ అరుగుదలని దానితో సంబంధం రుజువైన వాటిలో చేర్చారు. ఇవన్నీ వెనీర్ వేసే డెంటిస్టుకి ఎవరు చెప్పాలి? చిట్టా మొత్తం ఉన్నది మన దగ్గరే కదా.

మీ వార్డు పేషెంటుకి ముందు యాసిడ్ ఆపాలి, తర్వాతే పళ్ళ పని. వాంతి గానీ పుల్ల తేన్పు గానీ వచ్చిన వెంటనే బ్రష్ చేయొద్దని, నీళ్ళతో పుక్కిలించి కాసేపు ఆగమని చెప్పాలి. అరుగుదల పై పళ్ళ వెనకవైపే ఎక్కువగా ఉండి, వయసు తక్కువై, బరువు గురించి బెంగ కనిపిస్తే బలవంతంగా వాంతి చేసుకుంటున్నారేమో అని మెల్లగా అడగాలి. ఇంకో చిన్న విషయం, ఎసిడ్యులేటెడ్ ఫాస్ఫేట్ రకం ఫ్లోరైడ్ జెల్ పింగాణీ నునుపుని గరుకు చేస్తుంది, వెనీర్లున్నవాళ్ళకి న్యూట్రల్ సోడియం ఫ్లోరైడ్ రాయాలి. ఇది మెడిసిన్‌లో మాకెవరూ చెప్పలేదు.

ఒకటి మాత్రం జాగ్రత్త. ఎవరికీ కనబడని లోపం అద్దంలో వాళ్ళకి మాత్రమే కనబడుతూ, ఎన్నిసార్లు మార్పించుకున్నా తృప్తి లేనివాళ్ళుంటారు. బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్ అది. వాళ్ళకి కావాల్సింది ఇంకో వెనీర్ కాదు, సైకియాట్రీ సాయం. చెయ్యొద్దని చెప్పగలిగే నమ్మకం ఏళ్ళుగా తెలిసిన డాక్టరుకే ఉంటుంది.

పింగాణీ_ల్యాబ్:

నేను డెంటల్ ల్యాబులో సిరామిక్ పని చేస్తాను. రీసెర్చ్‌లో ఫొటోలు తీస్తారు కాబట్టి ఒక మాట. రంగు ఎప్పుడూ మొదట్లోనే, పన్ను తడిగా ఉన్నప్పుడే చూడాలి. నోరు తెరిచి కాసేపు ఉంచితే పన్ను ఎండి అసలు రంగుకన్నా తెల్లగా కనిపిస్తుంది, ఆ ఫొటో చూసి మేం చేస్తే బిగించిన మర్నాడు పక్క పళ్ళు మామూలు రంగుకొచ్చి వెనీర్ ఒక్కటే సున్నం కొట్టినట్టు ఉంటుంది. బ్లీచింగ్ చేయించుకోవాలంటే ముందే చేయించుకోవాలి, వెనీర్ గానీ కాంపోజిట్ గానీ బ్లీచింగ్‌తో తెల్లబడదు. చేయించుకున్నాక కూడా ఒకటి రెండు వారాలు ఆగి అతికించాలి, లేకపోతే పంటిలో మిగిలిన ఆక్సిజన్ వల్ల రెసిన్ సరిగా గట్టిపడదు. స్టడీలో ఈ తేదీలు రాసుకోకపోతే తర్వాత ఎందుకు ఊడిందో మీకు అర్థం కాదు.

పీ_వాల్యూ:

బయోస్టాటిస్టిక్స్ వైపు నుంచి. పైన చెప్పిన 100 మంది, 304 వెనీర్ల స్టడీయే తీసుకోండి. మీరు ఇలాంటిది చేస్తే 304 అని లెక్క కట్టకండి. ఒక్కరి నోట్లో ఆరు వెనీర్లుంటే, ఆ మనిషికి పళ్ళు కొరికే అలవాటుంటే ఆరింటికీ ఒకే గండం. వాటిని ఆరు విడి కేసులుగా లెక్కేస్తే లేని కచ్చితత్వం వచ్చినట్టు కనిపిస్తుంది. దీన్నే క్లస్టరింగ్ అంటాం, గైడుతో మొదటి రోజే మాట్లాడండి. ఇంకోటి, ఆ 73 శాతం పక్కన ప్లస్ ఆర్ మైనస్ 16 అని ఉంటుంది, చివరిదాకా మిగిలినవి తక్కువ కాబట్టి. అది చూడకుండా 73 అని చెప్పుకుంటూ పోకూడదు.

పీజీ రెండు మూడేళ్ళలో వెనీర్ ఎన్నేళ్ళు నిలుస్తుందో తేల్చలేరు, ఆ ఆశ పెట్టుకోకండి. క్రాస్ సెక్షనల్‌గా, అంటే ఒక్కొక్కరినీ ఒక్కసారే చూసి ఇప్పటి పరిస్థితి రాసుకునే స్టడీగా మొదలుపెట్టండి. ముందుపళ్ళకి పని చేయించుకున్న పేషెంట్లలో రిఫ్లక్స్, నోరు ఎండబెట్టే మందులు, షుగర్ ఎంతమందికి ఉన్నాయి, అంచుల పరిస్థితి ఎలా ఉంది. అరుగుదలకి 2008లో వచ్చిన బ్యూ (BEWE) స్కోరు వాడండి, నోటిని ఆరు భాగాలు చేసి ఒక్కో దాంట్లో బాగా అరిగిన చోటుకి 0 నుంచి 3 దాకా వేస్తారు, కాస్త ట్రైనింగుతో డెంటిస్టు కానివాళ్ళూ నేర్చుకోవచ్చు. నోటి వల్ల పేషెంటు రోజువారీ బతుకు ఎలా ఉందో అడగడానికి 14 ప్రశ్నల ఓహిప్ (OHIP-14) ఫారం ఉంది. పంటికి చేసిన పని నాణ్యతకి మాత్రం మీరు మార్కులు వేయకండి, ఎఫ్‌డీఐ (ప్రపంచ డెంటల్ సమాఖ్య) ప్రమాణాల ప్రకారం ఇద్దరు డెంటిస్టులు విడివిడిగా చూసి మార్కులు వేయాలి, పేషెంటుకి ఏ జబ్బుందో వాళ్ళకి తెలియకూడదు.

పీజీ_ముంగిట:

ఇంత ఓపిగ్గా రాసినందుకు అందరికీ చాలా థాంక్స్. నిజం_చెప్పాలంటే గారి మాట కూడా ఆలోచించాను, పిల్లల వార్నిష్ పని ఎలాగూ నేర్చుకుంటాను, దానికి ఇది అడ్డం కాదనిపిస్తోంది. కుటుంబ_వైద్యం గారూ, కెరీర్ సంగతి ఒక్కటి చెప్పండి. ఇది చేస్తే తర్వాత నన్ను పళ్ళ మనిషి అని ముద్ర వేసి పక్కన పెడతారా?

కుటుంబ_వైద్యం:

పెట్టరు. మన సబ్జెక్టులో పైకి వచ్చినవాళ్ళు చాలామంది రెండు శాఖల మధ్య ఎవరూ పట్టించుకోని చోటు ఒకటి పట్టుకున్నవాళ్ళే. అమెరికాలో ఫ్యామిలీ మెడిసిన్ టీచర్ల సొసైటీ వాళ్ళు స్మైల్స్ ఫర్ లైఫ్ పేరుతో నోటి ఆరోగ్యం మీద పూర్తి కోర్సే తయారుచేశారు, ఆన్‌లైన్‌లో ఉచితం, చేరకముందే చదివేయండి. డెంటల్ వాళ్ళకి ప్రాక్టీస్ బేస్డ్ రీసెర్చ్ నెట్‌వర్కులున్నాయి, మనకీ ఉన్నాయి, మామూలు క్లినిక్కుల్లో డాక్టర్లే డేటా ఇస్తారు. ఈ రెండిటినీ కలపగలిగేవాళ్ళు తక్కువ.

చేరేటప్పుడు మాత్రం కాలేజీ పేరు చూసి చేరకండి. డెంటల్ కాలేజీ అదే ప్రాంగణంలో ఉందా, అక్కడి ప్రోస్థో విభాగం నుంచి కో-గైడ్‌ని ఇవ్వడానికి ఒప్పుకుంటారా, పేషెంట్లని ఏళ్ళ తరబడి అదే డాక్టరు చూసే ఓపీ ఉందా, ఈ మూడూ ముందే అడిగి తెలుసుకోండి. మూడోది లేకపోతే ఎంత పెద్ద కాలేజీ అయినా మీకు పనికిరాదు, ఎందుకంటే మీ బలమంతా ఫాలోఅప్‌లోనే ఉంది. థీసిస్‌కి క్రాస్ సెక్షనల్ చేసినా, అదే పేషెంట్ల నుంచి మళ్ళీ పిలిచి చూడటానికి రాతపూర్వకంగా అనుమతి ఇప్పుడే తీసుకోండి. ఎథిక్స్ కమిటీకి పెట్టే కాగితంలో ఆ వాక్యం లేకపోతే ఐదేళ్ళ తర్వాత మళ్ళీ మొదటికొస్తారు.

ప్రోస్థో_డాక్టర్:

కో-గైడ్ ఎవరూ ఒప్పుకోకపోతే ఇక్కడే మెసేజ్ పెట్టండి, ఫారం ఎలా ఉండాలో కూర్చుని రాద్దాం. అందులో పళ్ళు కొరికే అలవాటు గడి తప్పకుండా ఉండాలి. ఆ గడి పేషెంటుని అడిగి నింపితే చాలదు, పక్కన పడుకునేవాళ్ళనీ అడగాలి, చాలామందికి తాము కొరుకుతున్నట్టే తెలీదు.