పొందూరు ఖద్దరు గురించి ఎవరికోసం రాయాలి?

ప్రశ్న (శ్రీకాకుళం): మా జిల్లాలోని పొందూరులో చేతివడుకు నూలుతో నేసే ఖద్దరుపై వ్యాసాలు రాస్తున్నాను. నేతవారికి తెలిసినదే మళ్ళీ చెబుతున్నానో, కొనేవారికి అక్కరలేని వివరాలు గుప్పిస్తున్నానో తేలడం లేదు. పాఠకుణ్ణి ఎలా నిర్ణయించుకోవాలి?

జవాబు (విజయనగరం): శ్రీకాకుళంలో పుట్టి, హైదరాబాదులో ఉద్యోగం చేసుకుంటూ, పండుగకు తండ్రికి ఖద్దరు పంచె కొనాలనుకునే ఒక్క మనిషిని ఊహించుకోండి. పొందూరు ఎక్కడుందో ఆయనకు చెప్పనక్కరలేదు. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి శుభ్రపరుస్తారన్న సంగతి, చేతివడుకు నూలును గుర్తుపట్టే తీరు మాత్రం తీరిగ్గా వివరించాలి. నేతవారు చదివితే సంతోషమే, కానీ వారికోసం రాయకండి.

మరొక జవాబు: ఊహ ఒక్కటే చాలదండి. దుకాణంలో కాసేపు కూర్చుంటే, ధర ఇంత ఎందుకని, ఉతికితే ముడుచుకుపోతుందా అని కొనేవారు అడగడం వినబడుతుంది. ముందుగా ఆ ప్రశ్నలకు జవాబులు రాయండి.

ప్రశ్నించినవారు: అయితే నా వ్యాసంలోని మగ్గం భాగాల పట్టిక తీసేసి, చేప దవడను మొదటికి తెస్తాను.